ప్రెస్ నోట్లు ఏఐ రాసేస్తుంటే ఇప్పుడు పీఆర్‌లోకి రావచ్చా?

ఆరేళ్లుగా పత్రిక డెస్కులో సబ్ ఎడిటర్‌గా ఉన్నానని, ఒక పీఆర్ (పబ్లిక్ రిలేషన్స్, అంటే కంపెనీల తరఫున మీడియాతో, జనంతో మాట్లాడే) ఏజెన్సీ నుంచి ఆఫర్ వచ్చిందని రాశారు. పత్రికలు చిక్కిపోతున్నాయి, ప్రెస్ నోట్‌ను ఏఐ అర నిమిషంలో రాసిచ్చేస్తోంది, ఇలాంటప్పుడు ఆ రంగంలో పని మిగులుతుందా, అక్కడ అసలేం జరుగుతోంది అన్నది మీ ప్రశ్న.

నేనూ డెస్కు నుంచే ఇటు వచ్చాను. 17 ఏళ్లయింది. మొదటి 11 ఏళ్లు ఏజెన్సీల్లో క్లయింట్ల పని చేశాను. తర్వాతి ఆరేళ్లుగా ఒక కంపెనీలో ఉండి ఏజెన్సీల చేత పని చేయించుకుంటున్నాను. నాకర్థమైంది ముందే చెప్పేస్తాను. వాక్యాలు పేర్చే పని తగ్గిపోతోంది. "ఇది నిజమేనా? ఎవరు చెప్పారు? కాగితం ఉందా?" అని సొంతవాళ్లనే గుచ్చి గుచ్చి అడిగే పని పెరుగుతోంది. రెండోది మీకు నచ్చే పనైతే నిక్షేపంగా రండి. మొదటిది ఒక్కటే మీ బలమైతే ఇంకోసారి ఆలోచించండి.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక మా దగ్గర మొదట మారింది తొలి డ్రాఫ్టు. ఖాళీ పేజీ ముందు కూర్చుని జుట్టు పీక్కోవడం దాదాపు పోయింది. దాంతో నాకేం పేచీ లేదు, మా ప్రెస్ రిలీజుల్లో సగం అంతకు ముందు కూడా యంత్రం రాసినట్టే ఉండేవి. పోయినేడాది మా టీమ్‌లో ఒకమ్మాయి కొత్త సర్వీసు గురించి ఏఐతో ఒక రిలీజ్ తయారు చేసింది. చక్కగా ఉంది. అందులో డైరెక్టర్ మాటలుగా రెండు వాక్యాలున్నాయి, వినియోగదారుల ఖర్చు మూడో వంతు తగ్గుతుందని. డైరెక్టర్ చదివి "బాగుంది, పంపండి" అన్నారు కూడా. ఎందుకో ఆ మూడో వంతు దగ్గర నా కన్ను ఆగింది. ఈ లెక్క ఎక్కడిది అని అడిగితే ఆ అమ్మాయి దగ్గర లేదు. ఫైనాన్స్ వాళ్ల దగ్గరా లేదు. డైరెక్టర్ అయితే అది తానే ఎప్పుడో అని ఉంటానని అనుకున్నారట! మేమిచ్చిన వివరాల్లో ఖాళీ కనబడిన చోట యంత్రం తోచిన అంకె పెట్టేసింది. డెస్కులో మీరు రోజూ చేసే పని ఇదే కదా, అంకె దగ్గర ఆగడం. ఇక్కడ దానికిప్పుడు గిరాకీ ఉంది.

ఏఐ వాడకూడని చోట్లూ ఉన్నాయి. 2023 ఫిబ్రవరిలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో కాల్పులు జరిగి విద్యార్థులు చనిపోయినప్పుడు, వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలోని ఒక కాలేజీ ఆఫీసు తన విద్యార్థులకు ఓదార్పుగా ఈమెయిల్ పంపింది. చివర్లో చిన్నగా, ఇది చాట్‌జీపీటీ రాసినదాని ఆధారంగా అని ఉంది. విద్యార్థులు మండిపడ్డారు, ఆఫీసు క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. మెయిల్లోని మాటల్లో తప్పేం లేదు. చావు దగ్గర కూడా నాలుగు మాటలు సొంతంగా రాయలేకపోయారా అన్నదే వాళ్ల బాధ. పలకరింపుకు మనిషిని పంపినట్టు యంత్రాన్ని పంపితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

ఇక మీడియా చిక్కిపోవడం గురించి. అమెరికాలో 2005 నుంచి చూస్తే పత్రికల్లో మూడో వంతుకు పైగా మూతపడ్డాయి. దీని వల్ల మా పని తేలికైందని బయటివాళ్లు అనుకుంటారు, డెస్కులో మనుషులు తక్కువ కాబట్టి పంపింది పంపినట్టే వేసేస్తారని. కొన్ని చోట్ల అలాగే వేస్తున్నారు, అదే అసలు ప్రమాదం. ప్రశ్నలడిగే రిపోర్టరు లేకపోతే నా కంపెనీ లోపలి తప్పు నాకు తెలిసేదెలా? ఒకప్పుడు మా రంగాన్ని బాగా ఎరిగిన రిపోర్టర్లు నలుగురుండేవారు. ఫోన్ చేస్తే అరగంట వాయించేవారు. ఇప్పుడు ఆ నలుగురి పని ఒక్కరే చూస్తున్నారు, మా వార్త వేయండి అంటూ ఆయనకు రోజుకు వచ్చే పిచ్ మెయిళ్లు చూస్తే నాకే జాలేస్తుంది. అందుకే అందరూ న్యూస్‌లెటర్ల వైపు, పాడ్‌కాస్ట్‌ల వైపు, ఇన్‌ఫ్లూయెన్సర్ల వైపు మళ్లారు. డబ్బిచ్చి చెప్పించినప్పుడు ఆ సంగతి చూసేవాళ్లకు స్పష్టంగా తెలియాలని అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో తన మార్గదర్శకాలను ఇంకా బిగించింది. అయినా "ప్రకటన అని రాస్తే ఎవరూ చూడరండీ, ఆ ట్యాగ్ కిందెక్కడో పెడదాం" అనే మాట మీటింగుల్లో ఇప్పటికీ వింటూనే ఉన్నాను.

ఎవరి డబ్బుతో ఎవరు మాట్లాడుతున్నారన్న ఈ గొడవ ఈ వృత్తితో పాటే పుట్టింది. 1906లో అమెరికాలోని అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు ప్రమాదంలో 50 మందికి పైగా చనిపోయినప్పుడు తొలితరం పీఆర్ మనిషి ఐవీ లీ, దాచిపెట్టకుండా రిపోర్టర్లను ఘటనాస్థలానికి రమ్మనమని రైల్వే కంపెనీని ఒప్పించాడు. మేం చాటుమాటు పని చేయం, ఎవరి తరఫున మాట్లాడుతున్నామో చెప్పే మాట్లాడతాం అని ఆ ఏడాదే పత్రికలకు ఒక ప్రకటన పంపాడు. 1929లో ఇంకో పీఆర్ మనిషి ఎడ్వర్డ్ బెర్నేస్ దీనికి పూర్తిగా తిరగేసి చేశాడు. న్యూయార్క్ ఈస్టర్ పరేడ్‌లో ఆడవాళ్ల చేత సిగరెట్లు కాల్పించి, అది స్వేచ్ఛ కోసం జరిగిన నిరసనగా పత్రికల్లో వచ్చేలా చూశాడు. వెనక ఉన్నది పొగాకు కంపెనీ. పీఆర్ పాఠాల్లో ఇద్దరినీ వృత్తి పితామహులనే చెబుతారు. మీరు చేరే ఏజెన్సీ ఏ తండ్రి పోలికో ముందే కనిపెట్టుకోవాలి, వేళాకోళానికి అనడం లేదు. 2017లో బెల్ పాటింజర్ అనే పెద్ద బ్రిటిష్ పీఆర్ సంస్థకు ఏమైందో చూడండి. దక్షిణాఫ్రికాలో గుప్తా కుటుంబపు కంపెనీ తరఫున జాతుల మధ్య చిచ్చు రేపే ప్రచారం నడిపిందని, బ్రిటన్‌లోని పీఆర్ వృత్తి సంఘం దాన్ని కనీసం ఐదేళ్లు బయటకు పంపేసింది. క్లయింట్లు ఒక్కొక్కరే జారుకున్నారు, ఆ నెలలోనే సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లిపోయింది. ఇతరుల పరువు కాపాడటమే వ్యాపారంగా బతికిన సంస్థ అది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను, మీకు ఇదే ఎక్కువ పనికొస్తుంది. ఏజెన్సీలో ఉన్నప్పుడు ఒక క్లయింటు సర్వర్లలోకి ఎవరో చొరబడ్డారు. రాత్రి పదకొండుకు ఫోన్. సోషల్ మీడియాలో అప్పటికే గుసగుసలు మొదలయ్యాయి, గంటలో ఏదో ఒకటి చెప్పాలి, ఒకటే టెన్షన్. వాళ్ల ఐటీ అధికారిని కస్టమర్ల వివరాలు బయటకు పోయాయా అని అడిగాను. "ఇప్పటివరకు అలాంటిదేమీ కనబడలేదు" అన్నాడు. నేను ప్రకటనలో రాసింది: "కస్టమర్ల వివరాలేవీ బయటకు పోలేదు." క్లయింటు సీఈఓకి అది తెగ నచ్చింది. మర్నాడంతా ప్రశాంతం. మూడో రోజు ఆ వివరాలు కొన్ని బయట కనబడ్డాయి.

కనబడలేదు, పోలేదు. ఈ రెండు మాటల మధ్య తేడా ఏ సబ్ ఎడిటర్‌కైనా తెలుసు, నాకూ తెలుసు. కానీ నిద్ర కళ్లు, అవతల సీఈఓ తొందర, పైగా రెండో మాట చదవడానికి గట్టిగా ఉంది. ఆ తర్వాత కంపెనీ ఏం చెప్పినా ఎవరూ నమ్మలేదు. నిజంగా బాగా చేసిన పనులు కూడా, అంటే అందరికీ వెంటనే ఉత్తరాలు రాయడం, ప్రత్యేకంగా ఫోన్ లైన్ పెట్టడం, ఆ మొదటి అబద్ధం కింద నలిగిపోయాయి. చొరబాటుకు క్షమించిన కస్టమర్లు కూడా ఆ వాక్యాన్ని క్షమించలేదు. అప్పటినుంచి మొదటి ప్రకటనలో మూడే ఉంచుతాను. ఏం జరిగిందో మాకు ఖాయంగా తెలిసింది, ఇప్పుడు ఏం చేస్తున్నామో, మళ్లీ ఎన్ని గంటలకు మాట్లాడతామో. చెప్పిన గంటకు కొత్త సంగతేమీ లేకపోయినా, లేదని చెప్పడానికైనా మాట్లాడాలి.

ఒక్క మాట ఎంత పని చేస్తుందో చూడాలంటే 2017 ఏప్రిల్‌లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ సంగతి ఉండనే ఉంది. సీటులోంచి ఒక ప్రయాణికుడిని ఈడ్చుకెళ్తున్న వీడియో లోకమంతా చూసింది. సీఈఓ మొదటి ప్రకటన మాత్రం, ప్రయాణికులను వేరే విమానంలోకి సర్దుబాటు చేయాల్సి వచ్చినందుకు చింతిస్తున్నాం అన్న ధోరణిలో నడిచింది. నెత్తురు కారుతున్న ముఖం తెర మీద, సర్దుబాటు అన్న మాట కాగితం మీద. లాయర్లు రాసిన వాసన అంత దూరం కొట్టింది. 2024 జులైలో క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా సంస్థ పంపిన తప్పుడు అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు స్తంభించినప్పుడు కూడా అంతే. ఇది సైబర్ దాడి కాదు, దిద్దుబాటు పంపాం అని సీఈఓ పోస్టు పెట్టారు. సమాచారమంతా సరిగ్గానే ఉంది. క్షమించండి అన్న మాట లేదు, అది తర్వాత టీవీలో వచ్చింది. ఈలోపు అందరూ దాన్నే పట్టుకున్నారు. తరగతుల్లో ఇప్పటికీ చెప్పే 1982 టైలెనాల్ కథ, ఆ నొప్పి మాత్రల్లో ఎవరో విషం కలిపి ఏడుగురు చనిపోతే కంపెనీ మూడు కోట్లకు పైగా సీసాలు వెనక్కి తీసుకోవడం, గొప్పదే. కానీ వాళ్లకు ఆలోచించుకోవడానికి రోజులు దొరికాయి. మనకు కాఫీ చల్లారేంత సమయం కూడా ఉండదు.

మనం చేయని తప్పుకు కూడా సంజాయిషీ చెప్పుకోవాల్సిన రోజులివి. 2022 నవంబరులో ట్విట్టర్ నెలకు ఎనిమిది డాలర్లు కట్టినవాళ్లందరికీ, అంతకు ముందు అసలు ఖాతా అనడానికి గుర్తుగా ఉన్న నీలి టిక్ ఇవ్వడం మొదలుపెట్టగానే, ఎవరో ఇన్సులిన్ తయారుచేసే ఎలై లిల్లీ కంపెనీ పేరుతో ఖాతా తెరిచి "ఇన్సులిన్ ఇక ఉచితం" అని పోస్టు పెట్టారు. అసలు కంపెనీ వచ్చి అది నకిలీ ఖాతా, తప్పుడు సందేశం చేరినవారికి క్షమాపణలు అని చెప్పుకోవాల్సి వచ్చింది. అంటే "లేదు, ఇన్సులిన్ ఉచితం కాదు" అని కంపెనీయే ఒప్పుకున్నట్టయింది! ఆ అబద్ధం అంటుకుంది ఎందుకు? ఇన్సులిన్ ధర మీద జనానికి నిజంగానే కోపం ఉంది కాబట్టి. 2023 మార్చిలో ఆ కంపెనీ ధరలు తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. ఆ పోస్టు వల్లేనని నేననను. కానీ నకిలీని ఖండించే ప్రకటన రాసేటప్పుడు, అందులో జనానికి నిజమనిపించిన భాగం ఏదో ముందు వెతకాలి. డీప్‌ఫేక్ వీడియోలకూ ఇదే వర్తిస్తుంది. మా కంపెనీలో ఇప్పుడు ఒక నియమం పెట్టుకున్నాం, సీఈఓ గొంతుతో అత్యవసరంగా ప్రకటన విడుదల చేయమని ఫోన్ వస్తే, పెట్టేసి మనమే తిరిగి ఆయన నంబరుకు చేయాలి. మొదట్లో ఆయన విసుక్కున్నారు.

పని ఫలితాన్ని ఎలా కొలుస్తారని అడగలేదు మీరు, కానీ చేరిన నెలకే దీని మీద తల పట్టుకుంటారు. నేను కొత్తగా వచ్చినప్పుడు వార్త ఎన్ని కాలమ్ సెంటీమీటర్లు వచ్చిందో స్కేలుతో కొలిచి, అదే జాగాలో ప్రకటన వేస్తే ఎంతయ్యేదో లెక్కగట్టి, ప్రకటన కన్నా వార్తకు విలువెక్కువ కదా అని దాన్ని మూడుతో గుణించేవాళ్లం. మూడే ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఒక నెల క్లయింటును దుమ్మెత్తిపోసిన అర పేజీ కథనం కూడా ఆ లెక్కలో కలిసిపోయి, ఆ నెల మేం సృష్టించిన విలువ ఆకాశాన్నంటింది. ఈ లెక్క పీఆర్ విలువను చెప్పదని 2010లో బార్సిలోనాలో కొలమానాల నిపుణులు కూర్చుని సూత్రాలే రాశారు. ఇప్పటికీ అది అడిగే క్లయింట్లున్నారు, ఇచ్చే ఏజెన్సీలున్నాయి. ఈ మధ్య దాని స్థానంలో "చాట్‌బాట్ జవాబుల్లో మీ పేరు ఎన్నిసార్లు వచ్చింది" అనే కొత్త లెక్క అమ్ముతున్నారు. అందులో కొంత విషయముంది, జనం నిజంగానే వెతకడం మానేసి అడగడం మొదలుపెట్టారు. మిగతాది కొత్త సీసాలో పాత సారా.

ఉద్యోగ భద్రత మాట కూడా అడిగారు. ఏజెన్సీలను నడిపే పెద్ద గ్రూపులు కలిసిపోతున్నాయి, అలాంటి గ్రూపే అయిన ఆమ్నికామ్ 2025లో ఇంకో గ్రూపు ఇంటర్‌పబ్లిక్‌ను కలిపేసుకుంది. అలా కలిసినప్పుడల్లా కొన్ని కుర్చీలు పోతాయి. సెలవు రోజూ ఫోన్ మోగుతుంది. ఇవి తెలిసే రండి.

సంతకం పెట్టే ముందు ఒక్క ప్రశ్న మాత్రం ఇంటర్వ్యూలో తప్పకుండా అడగండి: "క్లయింటు చెప్పమన్నది మేం చెప్పం అని మీరు చివరిసారి ఎప్పుడన్నారు? తర్వాత ఏమైంది?" నేను రెండు చోట్ల అడిగాను. ఒక చోట నవ్వి, "క్లయింటును కాదంటే జీతాలెలా ఇస్తాం" అన్నారు. రెండో చోట ఆవిడ కాసేపు కిటికీలోంచి బయటకు చూసి, పేర్లు చెప్పకుండా ఒక సంగతి చెప్పింది. ఆ క్లయింటు వెళ్లిపోయాడట, ఏడాదిన్నర తర్వాత తిరిగొచ్చాడట. ఆ మధ్యలో ఇద్దరిని ఉద్యోగంలోంచి తీసేయాల్సి వచ్చిందని కూడా దాచకుండా చెప్పింది. నేను అక్కడే చేరాను.