ఆరేళ్ళు దాటితే పన్ను కేసు ఉండదా?

"అంకుల్, ఒక సంవత్సరం రిటర్న్ వేయలేదు. ఆరేళ్ళు దాటితే ఇక ఎవరూ ఏమీ చేయలేరంట కదా?" అమెరికాలో కొత్తగా ఉద్యోగంలో చేరిన మన పిల్లలు ఏప్రిల్ దగ్గర పడేకొద్దీ ఈ ప్రశ్న ఎక్కువగా అడుగుతుంటారు. రూమ్మేట్ చెప్పాడనో, ఆఫీసులో సీనియర్ అన్నాడనో అంటారు. ఈ మాటలో సగం నిజముంది. తెలియని మిగతా సగం వల్ల దెబ్బతినేది ఎక్కువగా ఇండియాకు తిరిగి వెళ్ళిపోయేవాళ్ళు. నేను లాయర్‌ని కాదు, కానీ ఈ విషయంలో అరకొర మాటలు నమ్మి మనవాళ్ళు ఇబ్బంది పడటం నాకు బాధగా ఉంటుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఫెడరల్ పన్ను చట్టంలో 6531 అనే సెక్షన్ ఉంది. పన్ను నేరం మీద కేసు పెట్టడానికి ప్రభుత్వానికి ఎంత గడువుందో చెప్పేది అదే. మొదటి వాక్యంలో మూడేళ్ళని ఉంటుంది. ఆ వెంటనే ఆరేళ్ళ గడువున్న నేరాల జాబితా వస్తుంది. మామూలు మనిషి చిక్కుకునే నేరాలు దాదాపు అన్నీ ఆ జాబితాలోనే ఉన్నాయి: కావాలని పన్ను కట్టకపోవడం, కావాలని రిటర్న్ వేయకపోవడం, పన్ను ఎగ్గొట్టే ప్రయత్నం, అబద్ధమని తెలిసీ రిటర్న్ మీద సంతకం పెట్టడం, ఇంకొకరి అబద్ధపు రిటర్న్‌కి సాయం చేయడం. కాబట్టి మూడేళ్ళ మాట మర్చిపోండి.

పన్ను కట్టకపోవడం, రిటర్న్ వేయకపోవడం 7203 సెక్షన్ కింద మిస్‌డెమీనర్ (చిన్న తరగతి) నేరాలు. గరిష్ఠంగా ఒక ఏడాది జైలు, జరిమానా. చిన్నదే కదా అనిపిస్తుంది. కానీ ఏ సంవత్సరం నేరం ఆ సంవత్సరానిదే. సినిమా నటుడు వెస్లీ స్నైప్స్‌ని 2008లో పెద్ద నేరాభియోగాల మీద జ్యూరీ నిర్దోషి అంది, మూడు సంవత్సరాలు రిటర్న్ వేయనందుకు మాత్రం దోషి అంది. ఆ మూడు మిస్‌డెమీనర్లకే మూడేళ్ళ జైలు పడింది. ఎగవేత సంగతి వేరు. అది 7201 కింద ఫెలొనీ, అంటే పెద్ద నేరం, ఒక్కో దానికి ఐదేళ్ళ దాకా శిక్ష ఉంటుంది.

ఇక్కడ ఒక భయం తీర్చాలి. చేతిలో డబ్బు లేక పన్ను కట్టలేకపోతే జైల్లో వేస్తారా అని చాలామంది టెన్షన్ పడతారు. వేయరు. నేరం కావాలంటే కట్టాలన్న సంగతి మీకు తెలిసి ఉండాలి, తెలిసీ కావాలనే మానేసి ఉండాలి. 1991లో జాన్ చీక్ అనే పైలట్ కేసులో సుప్రీం కోర్టు ఈ విషయం స్పష్టంగా చెప్పింది. చట్టాన్ని నిజాయితీగా తప్పుగా అర్థం చేసుకున్నవాడు కావాలని చేసినట్టు కాదు, చట్టమే చెల్లదని వాదించేవాడికి మాత్రం ఆ రక్షణ లేదు. ఆ చీక్‌కి మళ్ళీ విచారణ జరిగి శిక్ష పడింది, అది వేరే సంగతి.

అందుకే నేను ప్రతి ఒక్కరికీ చెప్పే మొదటి మాట: డబ్బు లేకపోయినా రిటర్న్ వేయండి. ఆలస్యంగా వేస్తే కట్టాల్సిన పన్ను మీద నెలకు 5 శాతం చొప్పున 25 శాతం దాకా పెనాల్టీ పడుతుంది. వేసి కట్టలేకపోతే నెలకు అర శాతమే, పైన వడ్డీ. బాకీ 50,000 డాలర్ల లోపు ఉంటే అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ సైట్‌లోనే నెలసరి వాయిదాలకు అప్లై చేసుకోవచ్చు. పైగా ఉన్నది ఉన్నట్టు రాసి సకాలంలో రిటర్న్ వేసిన మనిషిని, డబ్బు లేక కట్టలేదన్న ఒక్క కారణానికి నేరస్థుడిగా నిలబెట్టడం ప్రభుత్వానికి చాలా కష్టం.

ఇప్పుడు అసలు చిక్కు. ఆరేళ్ళు అంటే ఎప్పటి నుంచి ఆరేళ్ళు? రిటర్న్ వేయకపోతే గడువు తేదీ నుంచి లెక్క. 2023 ఆదాయానికి గడువు 2024 ఏప్రిల్ 15. ఎక్స్‌టెన్షన్ (గడువు పొడిగింపు) తీసుకుని ఉంటే అక్టోబర్ 15. అబద్ధపు రిటర్న్ అయితే వేసిన రోజు నుంచి, గడువుకన్నా ముందే వేసినా ఏప్రిల్ 15నే వేసినట్టు లెక్క. ఇంతవరకు సులువే. కట్టకపోవడం దగ్గరే మనవాళ్ళు పొరబడతారు. దానికి లెక్క మొదలయ్యేది గడువు తేదీ నుంచే కానక్కర్లేదు, కట్టగలిగి ఉండీ కావాలని మానేసిన రోజు నుంచి. అనుకోండి, 2022 ఏప్రిల్‌లో ఉద్యోగం పోయి చేతిలో ఏమీ లేదు. 2024లో ఇల్లు అమ్మితే డబ్బు వచ్చింది. బాకీ సంగతి తెలిసీ ఆ డబ్బుతో వేరే ఆస్తి కొన్నారు. అప్పుడు లెక్క 2024 నుంచి మొదలయ్యే అవకాశం ఉంది. 2022 నుంచి ఆరేళ్ళు లెక్కపెట్టుకున్నవాళ్ళ అంచనా తలకిందులవుతుంది.

ఎగవేతకైతే చివరిగా చేసిన మోసపు పని నుంచి లెక్క. ఊరికే కట్టకపోవడం ఎగవేత కాదని, దాచడానికి ఏదో ఒక పని చేసి ఉండాలని 1943లోనే స్పైస్ అనే కేసులో సుప్రీం కోర్టు తేల్చింది. రెండు లెక్కల పుస్తకాలు రాయడం, ఆస్తి బావమరిది పేర పెట్టడం, ఐఆర్‌ఎస్ ఏజెంట్‌కి అబద్ధం చెప్పడం లాంటివి. 2018 పన్ను ఎగ్గొట్టడానికి 2022లో డబ్బు ఇంకొకరి ఖాతాలోకి మార్చారంటే, ఆరేళ్ళు మొదలయ్యేది 2022లో. పాత తప్పు కప్పిపుచ్చుకోవడానికి చేసే ప్రతి కొత్త పనీ గడువుని ముందుకు నెడుతుంది.

ఇంతకన్నా ముఖ్యమైనది, రూమ్మేట్ చెప్పనిది, అదే 6531 సెక్షన్‌లో ఉంది. నేరం చేసిన మనిషి అమెరికా బయట ఉన్న కాలం ఆ ఆరేళ్ళలో లెక్కకు రాదు. మిగతా చాలా ఫెడరల్ నేరాలకు నిందితుడు పరారీలో ఉంటేనే గడువు ఆగుతుంది. పన్ను నేరాలకు పరారీ అక్కర్లేదు, దేశం బయట ఉంటే చాలు. ఎందుకు వెళ్ళారన్నది ముఖ్యం కాదని, సెలవుల మీద వెళ్ళినా ఆ రోజులు తీసేయాల్సిందేనని కోర్టులు అన్నాయి. చెల్లెలి పెళ్ళికి నెల రోజులు వెళ్ళొచ్చినా గడువుకి ఆ నెల కలుస్తుంది. రాకపోకల తేదీలు ప్రభుత్వం దగ్గర ఎలాగూ ఉంటాయి.

దీన్ని ఇండియా వెళ్ళిపోయినవాళ్ళకు వర్తింపజేసి చూడండి. 2023 రిటర్న్ కావాలనే వేయకుండా 2025లో హైదరాబాద్ వెళ్ళి స్థిరపడ్డారు. 2030 ఏప్రిల్ దాటగానే అయిపోయిందనుకుంటారు. నిజానికి ఆ గడువులో ఒక ఏడాది పైచిలుకు మాత్రమే కరిగింది. పదేళ్ళ తర్వాత పిల్లల చదువు కోసం అమెరికాలో దిగితే, మిగిలిన కాలం అప్పటి నుంచి నడవడం మొదలవుతుంది. అలాంటి వాళ్ళందరినీ ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకుంటారని నేను భయపెట్టడం లేదు. కానీ "ఇండియాలో కూర్చుంటే కాలమే తీరుస్తుంది" అని ఎవరైనా అంటే అది పూర్తిగా తప్పు. ఇంకొకటి కూడా ఉంది: ప్రభుత్వం ఇండియా లాంటి వేరే దేశం నుంచి బ్యాంకు కాగితాల వంటి సాక్ష్యం అధికారికంగా అడిగితే, కోర్టు అనుమతితో మూడేళ్ళ దాకా గడువుని ఆపించుకోవచ్చు.

గ్రీన్ కార్డు తీసుకుని, దాన్ని వదులుకోకుండానే ఇండియా వెళ్ళిపోయేవాళ్ళకు ఇంకో ప్రమాదం. కార్డు అధికారికంగా సరెండర్ చేసేదాకా పన్ను చట్టం దృష్టిలో సాధారణంగా మీరు రెసిడెంటే, ఇండియా జీతం కూడా రిటర్న్‌లో చూపాలి. గడువు తేదీ దాటిన కార్డు డ్రాయర్‌లో పడేసి ఊరుకుంటే ప్రతి ఏడాదీ వేయని రిటర్న్ ఇంకొకటి చేరుతుంది.

క్రిమినల్ గడువు పోతే బాకీ కూడా పోయిందనుకోవడం మరో పొరపాటు. రెండూ వేర్వేరు. వేసిన రిటర్న్‌ని ఐఆర్‌ఎస్ మామూలుగా మూడేళ్ళ లోపు మళ్ళీ తిరగేసి అదనపు పన్ను వేయవచ్చు. ఆదాయంలో 25 శాతం పైన వదిలేస్తే ఆరేళ్ళు. విదేశీ ఆస్తుల మీద 5,000 డాలర్ల పైన ఆదాయం చూపకపోయినా ఆరేళ్ళే. రిటర్నే వేయకపోతే, లేదా మోసపు రిటర్న్ అయితే, అసలు గడువే లేదు. ఇరవై ఏళ్ళ తర్వాతైనా పన్ను, పెనాల్టీ, వడ్డీ అడగవచ్చు. పన్ను ఇంత అని ఒకసారి ఖాయం చేశాక వసూలుకు పదేళ్ళు టైమ్ ఉంటుంది. మీరు ఆరు నెలలు ఏకధాటిగా దేశం బయట ఉంటే అది కూడా ఆగుతుంది.

హెచ్-1బి మీద జీతం తెచ్చుకునేవాళ్ళకు కంపెనీయే పన్ను కోసుకుంటుంది కాబట్టి జీతం వైపు నుంచి ప్రమాదం తక్కువ. ప్రమాదమంతా ఇండియా ఖాతాల దగ్గర. ఎన్‌ఆర్‌ఇ (విదేశాల్లో ఉండేవాళ్ళకు ఇండియా బ్యాంకులిచ్చే ఖాతా) ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు, అందుకని ఇక్కడా లేదనుకుంటారు. ఇక్కడ ఉంది. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ కూడా, అంటే విదేశీ ఖాతాల వివరాల ఫారం, వేయాలి. ఎఫ్‌బార్ పన్ను చట్టంలోది కాదు, దాని క్రిమినల్ గడువు ఐదేళ్ళు, సివిల్ పెనాల్టీకి ఆరేళ్ళు. అమ్మానాన్నల ఖాతాలో మీ పేరు జాయింట్‌గా ఉన్నా లెక్కలోకి వస్తుంది. ఇది తెలియక వదిలేసినవాళ్ళే ఎక్కువ, తెలియకపోవడం నేరం కాదు. తెలిశాక కూడా పక్కన పెట్టడమే అసలు సమస్య.

సొంత వ్యాపారం పెట్టినవాళ్ళకు, అంటే గ్యాస్ స్టేషన్, మోటెల్, రెస్టారెంట్, కన్సల్టెన్సీ ఏదైనా సరే, గట్టిగా ఒక మాట చెప్పాలి. ఉద్యోగుల జీతంలోంచి కోసిన పన్ను మీ డబ్బు కాదు. నెల కాస్త గడ్డుగా ఉందని ఆ డబ్బుతో అద్దె కట్టి, తర్వాత సర్దుదాం అనుకుంటే అది 7202 కింద ఫెలొనీ దాకా పోవచ్చు. దానికి కూడా గడువు ఆరేళ్ళేనని చాలా అప్పీల్ కోర్టులు చెప్పాయి. కంపెనీ మూసేసినా ఆ బాకీ యజమాని మెడకే చుట్టుకుంటుంది. జీతాలు నడిపేది మీ భార్యో బావగారో అయి, చెక్కుల మీద సంతకం వాళ్ళదైతే, వాళ్ళ మెడకి కూడా.

పౌరసత్వం లేని మనకు జైలు కన్నా పెద్ద దెబ్బ ఇంకొకటి. ప్రభుత్వానికి 10,000 డాలర్ల పైన నష్టం కలిగించిన పన్ను ఎగవేత ఇమిగ్రేషన్ చట్టంలో తీవ్రమైన ఫెలొనీ కింద లెక్క, గ్రీన్ కార్డు ఉన్నా దేశం నుంచి పంపించవచ్చు. 2012లో కవాషిమా కేసులో సుప్రీం కోర్టు అబద్ధపు రిటర్న్ వేయడాన్ని కూడా ఇందులో చేర్చింది. 1984 నుంచి ఇక్కడే ఉన్న జపాన్ దంపతులు వాళ్ళు. జైలు తప్పించుకోవడానికి ఒప్పందం మీద నేరం ఒప్పుకునేవాళ్ళు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా సంతకం పెట్టకూడదు అనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇప్పటికే వెనకబడి ఉన్నవాళ్ళు ఏం చేయాలి? తెలియక పొరపాటు జరిగి ఉంటే స్ట్రీమ్‌లైన్డ్ అనే మార్గం ఉంది: మూడేళ్ళ రిటర్న్‌లు, ఆరేళ్ళ ఎఫ్‌బార్‌లు, తెలియక జరిగిందని ప్రమాణపూర్వకంగా ఒక వివరణ. అమెరికాలో ఉన్నవాళ్ళకు ఆ విదేశీ ఆస్తుల మీద 5 శాతం పెనాల్టీ, ఇండియాలో ఉంటూ అర్హత ఉన్నవాళ్ళకు అదీ లేదు. ఇక్కడ ఉన్నవాళ్ళు రిటర్న్‌లు ముందే వేసి ఉండాలి, అసలు వేయనివాళ్ళకు ఈ దారి లేదు. తెలిసే చేసి ఉంటే ఆ వివరణ మీద సంతకం పెట్టకండి, అది మళ్ళీ కొత్త అబద్ధం, దానికి కొత్త ఆరేళ్ళు. తెలిసి చేసినవాళ్ళ కోసం ఐఆర్‌ఎస్ వాలంటరీ డిస్‌క్లోజర్ అనే వేరే పద్ధతి పెట్టింది. అందులో పెనాల్టీ భారీగా ఉంటుంది, కానీ సాధారణంగా క్రిమినల్ కేసు దాకా పోదు. ఐఆర్‌ఎస్ మీ జోలికి రాకముందే ఈ పని చేయాలి. వచ్చాక ఈ దారులు మూసుకుపోతాయి.

ఈ విషయంలో మొదట మాట్లాడాల్సింది టాక్స్ లాయర్‌తో, మీ రిటర్న్ వేసే సీపీఏతో (అకౌంటెంట్‌తో) కాదు. లాయర్‌కి చెప్పిన మాటకు రక్షణ ఉంది. సీపీఏకి చెప్పినదానికి క్రిమినల్ కేసులో ఆ రక్షణ లేదు, ఆయన్ని సాక్షిగా పిలిపించి అడగవచ్చు.

గిఫ్ట్ కార్డులు కొనకపోతే ఇవాళే అరెస్ట్ చేస్తామని ఫోన్ చేసేవాడు ఐఆర్‌ఎస్ కాదు, ఫోన్ పెట్టేయండి. నిజంగా క్రిమినల్ విచారణ అయితే సాధారణంగా స్పెషల్ ఏజెంట్లు ఇద్దరు ఇంటికే వస్తారు, బ్యాడ్జి చూపిస్తారు. మర్యాదగా వాళ్ళ కార్డు తీసుకుని, లాయర్ ద్వారా మాట్లాడతానని చెప్పి అక్కడితో ఆపండి. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి కంగారులో ఏదో ఒకటి చెప్పడం మన అలవాటు. ఫెడరల్ అధికారికి అబద్ధం చెప్పడం దానికదే ఐదేళ్ళ జైలు పడగల నేరం, దాని గడువు ఆ రోజు నుంచే మొదలవుతుంది.