ఎవరూ అడగలేదమ్మా

చట్టం, కోర్టు సంగతులపై పాఠకుల ప్రశ్నలకు కర్నూలు నుంచి ఒక విశ్రాంత న్యాయవాది జవాబులు

ప్రశ్న: లాయరమ్మ గారికి నమస్కారం. నేను సోషల్ టీచరుగా రిటైరయ్యాను. యుద్ధాల్లో ఆడవాళ్లపై లైంగిక హింస ఆగాలని ఐక్యరాజ్యసమితి ఏటా జూన్ 19న ఒక దినం పాటిస్తుందని నా మనవరాలు చెప్పింది. ఇరవై ఏళ్లకు పైగా తీర్మానాలు చేస్తూనే ఉన్నారు. యుద్ధాలూ ఆగలేదు, అఘాయిత్యాలూ ఆగలేదు. ఆ కాగితాల వల్ల ఒరిగిందేమిటి?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: మాస్టారూ, మీ కోపం న్యాయమైనదే. దానికి జవాబు చెప్పే ముందు మా కోర్టు ఆవరణలో జరిగిన ఒక సంగతి చెప్పాలి.

ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో ఒక ఫ్యాక్షన్ గ్రామం కేసులో మా సీనియర్‌కు సాయంగా ఉండేదాన్ని. రాత్రిపూట ప్రత్యర్థులు ఇళ్ల మీద పడిన కేసు అది. ఫిర్యాదులో అన్నీ ఉన్నాయి. ఇద్దరికి తగిలిన వేటకొడవలి గాయాలు, కాలిపోయిన గడ్డివామి, విరిగిన తలుపులు, చచ్చిపోయిన ఎద్దు, దాని ఖరీదు. ఒక రోజు కేసు వాయిదా పడింది. సాక్ష్యానికి వచ్చిన ఒకామె వేపచెట్టు కింద కూర్చుని సద్దిమూట విప్పింది. జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి. సగం రొట్టె నా చేతిలో పెట్టింది. ఆ రాత్రి ఇంట్లో ఆడవాళ్లంతా ఎక్కడ దాక్కున్నారని మాటవరసకు అడిగాను. ఆమె తుంచిన ముక్కను నోట్లో పెట్టుకోలేదు. మళ్లీ గుడ్డలోనే పెట్టి ముడి వేసింది. కాసేపటికి, "దాక్కునే వీలే లేకపోయింది. ఆ సంగతి ఎవరూ అడగలేదమ్మా" అంది.

ఎద్దు ఖరీదు అడిగి రాసుకున్నవాళ్లు ఆమెను అడగలేదు. నేనూ అడగలేదు. అప్పటికి రెండేళ్లుగా ఆ కాగితాలు నా చేతుల్లోనే ఉన్నాయి. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

ఇప్పుడు ఆఫ్రికాలోని రువాండా సంగతి చూడండి. 1994లో అక్కడ టుట్సీ జాతివారిపై జరిగిన మారణకాండ మీద విచారణకు ఐక్యరాజ్యసమితి టాంజానియాలోని అరుషాలో ప్రత్యేక న్యాయస్థానం పెట్టింది. టాబా అనే ప్రాంతానికి మేయరుగా పనిచేసిన జాన్ పాల్ అకయేసు అక్కడ ముద్దాయి. అతని మీద మొదట దాఖలు చేసిన అభియోగపత్రంలో హత్యలున్నాయి, అత్యాచారం ఊసే లేదు. మా ఫిర్యాదులాంటిదే అదీ. 1997లో విచారణ నడుస్తుండగా ఒక తల్లి సాక్ష్యానికి వచ్చింది. రికార్డుల్లో ఆమె పేరు 'జె' అన్న ఒక్క అక్షరమే. మాటల మధ్యలో తన ఆరేళ్ల కూతురిపై జరిగిన అత్యాచారం గురించి చెప్పింది. ధర్మాసనంలోని ముగ్గురిలో ఒకే ఒక మహిళ నవనీతం పిళ్లై. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో తమిళ కుటుంబంలో పుట్టిన బస్సు డ్రైవరు కూతురు ఆమె. న్యాయమూర్తులు ఆ మాటను అక్కడితో పోనివ్వలేదు, ఇంకా అడిగారు. తర్వాత మరో సాక్షి కూడా నోరు విప్పింది. ఆ జూన్‌లో అభియోగపత్రం సవరించారు. 1998 సెప్టెంబర్ 2న తీర్పు వచ్చింది. ఒక జాతిని తుడిచిపెట్టాలన్న ఉద్దేశంతో చేసినప్పుడు అత్యాచారం కూడా జాతి నిర్మూలన నేరమేనని ఒక అంతర్జాతీయ న్యాయస్థానం తేల్చడం అదే మొదటిసారి. అకయేసుకు యావజ్జీవ శిక్ష పడింది.

అంతకు ముందు చట్టం లేదని కాదు. 1949 నాటి జెనీవా ఒప్పందం అత్యాచారాన్ని నిషేధించింది. కానీ దాన్ని స్త్రీ 'గౌరవం' మీద దాడిగా చెప్పింది. మన పల్లెల్లో 'పరువు' అంటారే, అదే. ఆ మాట నాకు ఎప్పుడూ నచ్చలేదు. దెబ్బ తగిలింది మనిషికి, పరువుకు కాదు.

మీరు అడిగిన తీర్మానాలు ఈ దారిలోనే వచ్చాయి. 2000లో 1325వ తీర్మానం, ఆ తర్వాత 2008 జూన్ 19న 1820వ తీర్మానం. లైంగిక హింస యుద్ధతంత్రం కాగలదని భద్రతా మండలి అందులో స్పష్టంగా ఒప్పుకుంది. మీ మనవరాలు చెప్పిన తేదీ అక్కడిదే. 2009లో దీని కోసమే ఒక ప్రత్యేక ప్రతినిధి పదవి పెట్టారు. 2010 నాటి తీర్మానంతో, ఇలాంటి నేరాలు చేశాయని గట్టి అనుమానమున్న సైన్యాల, సాయుధ ముఠాల పేర్లు ఏటా నివేదికలో అచ్చువేయడం మొదలైంది.

కాగితం కాళ్లొచ్చి నడిచిన చోట్లూ ఉన్నాయి. కాంగోలో 2011 ఫిబ్రవరిలో బరాకా అనే ఊరికి సంచార సైనిక న్యాయస్థానం వెళ్లింది. కిబిబి ముత్వారే అనే లెఫ్టినెంట్ కల్నల్‌కు, తన సైనికులతో కలిసి చేసిన సామూహిక అత్యాచారాల కేసులో 20 ఏళ్ల శిక్ష వేసింది. ఈ కేసులో నా మనసుకు పట్టింది శిక్ష కంటే, కోర్టే ఆడవాళ్లున్న చోటికి కదిలి వెళ్లడం. వాయిదా కోసం తెల్లవారుజామున బస్సెక్కి, రోజు కూలి పోగొట్టుకుని, బత్తా కోసం కిటికీ దగ్గర నిలబడిన ఆడవాళ్లను చూసినవాళ్లకు ఆ విలువ తెలుస్తుంది.

చాలదు మాస్టారూ. శిక్ష పడినవాళ్లు బహు కొద్దిమంది. ఐక్యరాజ్యసమితి శాంతిదళాల్లోనే కొందరు ఆడవాళ్లను చెరిచారు. అలాంటి దళాలను వెనక్కి పంపాలని 2016లో మరో తీర్మానం చేయాల్సి వచ్చింది. అంతర్జాతీయ నేర న్యాయస్థానం ఒప్పందంలో మన దేశం ఇప్పటికీ చేరలేదు. నాకైతే చేరి ఉండాల్సిందనే అనిపిస్తుంది. అయినా ఒరిగిందేమీ లేదని మాత్రం అనను. అభియోగపత్రం రాసేవాడు ఇప్పుడు ఆ ప్రశ్న అడగక తప్పదు.

ప్రశ్న: అమ్మా, మాది మగ్గం పని. మా అమ్మాయి సీఆర్పీఎఫ్‌కు ఎంపికైంది. తుపాకీ పట్టే ఉద్యోగం ఆడపిల్లకెందుకని బంధువులు అంటున్నారు. పంపమంటారా?
– ఒక తల్లి, ధర్మవరం

జవాబు: పంపండి తల్లీ. 2007 జనవరిలో ఆ సీఆర్పీఎఫ్ నుంచే వందమందికి పైగా మహిళలు పశ్చిమాఫ్రికాలోని లైబీరియాకు వెళ్లారు. పూర్తిగా మహిళలతోనే ఏర్పడిన పోలీసు దళాన్ని ఐక్యరాజ్యసమితి శాంతి పరిరక్షణకు పంపడం అదే మొదలు. ఎన్నో ఏళ్ల అంతర్యుద్ధంలో నలిగిన దేశం అది. అక్కడి ఆడవాళ్లకు యూనిఫాం అంటేనే వణుకు. మన పిల్లలు రాత్రిళ్లు వీధుల్లో గస్తీ తిరిగారు. వారిని చూసి లైబీరియా అమ్మాయిలు తమ పోలీసు శాఖలో చేరడానికి ముందుకొచ్చారు. జట్లు మారుతూ 2016 దాకా అక్కడే ఉన్నారు. బంధువులకు ఈ పేజీ చదివి వినిపించండి.

ప్రశ్న: తప్పు చేసింది అత్యాచారం చేసినవాళ్లు. మరి కోర్టు రికార్డుల్లో సాక్షి పేరు దాచి ఒక అక్షరం పెట్టడం ఎందుకు? దాస్తే సిగ్గుపడినట్టు కాదా?
– డిగ్రీ విద్యార్థిని, ఆదోని

జవాబు: అమ్మాయీ, సిగ్గు వేరు, ప్రాణభయం వేరు. సాక్ష్యం చెప్పి ఆమె మళ్లీ అదే ఊరికి, అదే బావి దగ్గరికి వెళ్లాలి. ఇరాక్‌లో ఐసిస్ ఉగ్రవాదుల చెరలో అత్యాచారానికి గురైన, యాజిదీ అనే మైనారిటీ తెగ యువతి నాదియా మురాద్ తన పేరుతోనే, తన ముఖంతోనే మాట్లాడింది. 2018లో నోబెల్ శాంతి బహుమతి పంచుకుంది. సాక్షి జె అక్షరం చాటున ఉండి చట్టాన్నే మార్చింది. ఎవరి దారి వారిది, ఎంచుకునే హక్కు ఆమెదే. మన భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కూడా ఇదే చెబుతుంది. బాధితురాలి పేరు బయటపెడితే రెండేళ్ల దాకా జైలు. ఆమె రాతపూర్వకంగా ఒప్పుకుంటే మాత్రం తప్పులేదు.

నీకు తెలిసినవారెవరైనా ఈ స్థితిలో ఉంటే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయి. ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందే, మా పరిధి కాదంటే ఊరుకోవద్దు. ప్రైవేటు ఆసుపత్రి అయినా వెంటనే ఉచితంగా చికిత్స చేయాలి. లైంగిక అనుభవం ఉందో లేదో చూస్తామంటూ రెండు వేళ్ల పరీక్ష చేస్తామంటే, 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మళ్లీ గట్టిగా వద్దందని చెప్పు.

వేపచెట్టు కింద నాకు రొట్టె పెట్టినామె ఆ మాట కేసులో రాయవద్దంది. ఇంట్లో పెళ్లికి ఎదిగిన పిల్లలున్నారని చెప్పింది. నేను రాయలేదు.