పాఠకుల ప్రశ్నలు: డ్రాఫ్ట్‌లో తీసుకున్న కుర్ర డిఫెన్స్‌మన్‌ను ఎలా అంచనా వేయాలి?

జూన్ నెలాఖరులో ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్) డ్రాఫ్ట్, అంటే జట్లు వంతులవారీగా కుర్ర ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం, ముగిసిందంటే చాలు, ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం డిఫెన్స్‌మన్ల గురించే ఉంటాయి. ముందు వరుసలో ఆడే ఫార్వర్డ్ గోల్స్ కొడుతుంటే పనికొస్తాడని ఎవరికైనా తెలిసిపోతుంది. గోల్‌ను కాపాడుతూ వెనక ఆడే డిఫెన్స్‌మన్ సంగతి అంత తేలిగ్గా తేలదు. ఒంటారియోలో ఒక జూనియర్ జట్టుకు కొన్ని సీజన్లు వీడియో నోట్స్ రాసిపెట్టినవాడిని కాబట్టి ఈ ప్రశ్నలంటే నాకు ప్రాణం.

ప్రశ్న: మా టీమ్ రెండేళ్ల కిందట మొదటి రౌండ్‌లో ఒక డిఫెన్స్‌మన్‌ను తీసుకుంది. అతని తర్వాత పిలిచిన ఫార్వర్డ్‌లు అప్పుడే ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడేస్తున్నారు. ఇతనేమో ఇంకా జూనియర్ లీగ్‌లోనే ఉన్నాడు. ఆ పిక్ (డ్రాఫ్ట్‌లో ఎంపిక వంతు) వృథా అయిపోయినట్టేనా సార్?
— ఒక పాఠకుడు, షార్లెట్

జవాబు: కానే కాదండి. 18 ఏళ్లకు డ్రాఫ్ట్ అయిన డిఫెన్స్‌మన్ మీద 20 ఏళ్లకే తీర్పు చెప్పేయడం అన్యాయం. ఫార్వర్డ్ పక్ (ఐస్ హాకీలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) పోగొట్టుకుంటే సర్దడానికి వెనక ఇద్దరు డిఫెన్స్‌మన్లు ఉంటారు. డిఫెన్స్‌మన్ పోగొట్టుకుంటే మిగిలేది గోలీ ఒక్కడే. అందుకే ఏ కోచ్ అయినా ఈ స్థానంలో కుర్రాళ్లను దించడానికి జంకుతాడు.

డంకన్ కీత్‌ను షికాగో 2002లో 54వ పిక్‌గా తీసుకుంది. ఆ తర్వాత అతను రెండు సీజన్ల పాటు కింది లీగ్ అయిన ఏహెచ్‌ఎల్‌లో ఆడి, 2005లో గానీ పైకి రాలేదు. చివరికి లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ మూడుసార్లు గెలిచాడు. ఏడాదిలో ఉత్తమ డిఫెన్స్‌మన్‌కు ఇచ్చే నోరిస్ ట్రోఫీ రెండుసార్లు అందుకున్నాడు. రోమన్ జోసీని నాష్‌విల్ 2008లో 38వ పిక్‌గా తీసుకుంటే, మొదటి మ్యాచ్ ఆడింది 2011లో.

ఇంకా బాగా అర్థం కావాలంటే 2012 డ్రాఫ్ట్ చూడండి. మొదటి పది పిక్‌లలో ఎనిమిది మంది డిఫెన్స్‌మన్లే! వాళ్లలో మోర్గన్ రైలీ, హంపస్ లిండ్‌హోమ్, జేకబ్ ట్రూబా లాంటివాళ్లు నిలదొక్కుకున్నారు. నాలుగో పిక్ అయిన గ్రిఫిన్ రైన్‌హార్ట్ మాత్రం ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడింది 37 మ్యాచ్‌లే. అదే డ్రాఫ్ట్‌లో సెయింట్ లూయిస్ 86వ పిక్‌గా కోల్టన్ పరేకోను, కరోలినా 120వ పిక్‌గా జాకబ్ స్లావిన్‌ను తీసుకున్నాయి. అంతకు ముందు ఏడాది డ్రాఫ్ట్‌లో పరేకో పేరు ఎవరూ పిలవనే లేదు. ఇద్దరూ కాలేజీ హాకీ ఆడుకుని 2015లో పైకి వచ్చారు. పరేకో 2019లో కప్ ఎత్తాడు. స్లావిన్ ప్రత్యర్థుల మేటి ఫార్వర్డ్‌లను పెనాల్టీల జోలికి పోకుండా కట్టేసి, మర్యాదగా ఆడేవాళ్లకిచ్చే లేడీ బింగ్ ట్రోఫీ రెండుసార్లు గెలిచాడు. 2014లో మీరు నన్ను అడిగి ఉంటే వీళ్లిద్దరూ ఇంకా కాలేజీలోనే ఉన్నారుగా అని చెప్పాల్సి వచ్చేది.

కనీసం 22, 23 ఏళ్లు వచ్చేదాకా ఆగండి. ఈలోగా ఒక్క విషయం గమనించండి. నిరుడు చేతకానిది ఈ ఏడాది ఏదైనా చేస్తున్నాడా? చేస్తుంటే అతను జూనియర్‌లో ఉన్నా దిగులు అక్కర్లేదు. రెండేళ్లుగా ఒకేలా ఆడుతుంటే అప్పుడు టెన్షన్ పడండి.

ప్రశ్న: పాయింట్లు (గోల్స్, గోల్‌కు దారితీసిన పాస్‌లు) చూసి మోసపోవద్దని మీరు చాలాసార్లు రాశారు. మరి ఏం చూడాలి? టీవీ ముందు కూర్చుంటే నా కళ్లు పక్ వెంటే పోతాయి.
— ఒక పాఠకురాలు, హ్యూస్టన్

జవాబు: ఒక్కటే చూడమంటే, వెనక్కి తిరిగి పక్ తెచ్చుకునే తీరు చూడమంటానండి.

ప్రత్యర్థులు పక్‌ను మన గోల్ పక్కన మూలకు విసిరేస్తారు. మన డిఫెన్స్‌మన్ గిర్రున తిరిగి దాని కోసం వెళ్తాడు. వీపు వెనక ఒక ఫార్వర్డ్ దూసుకొస్తుంటాడు. ఉన్నది రెండు మూడు సెకన్లు. ఆ కాస్త టైమ్‌లో కుర్రాడి కళ్లు ఎటు తిరుగుతున్నాయో చూడండి. తెలివైనవాడు పక్ దగ్గరికి చేరేలోపే ఒకసారి ఎడమ భుజం మీదుగా, ఒకసారి కుడి భుజం మీదుగా వెనక్కి చూస్తాడు. వచ్చేవాడు ఏ వైపు నుంచి వస్తున్నాడో, తనవాళ్లు ఎక్కడున్నారో అప్పుడే లెక్క వేసుకుంటాడు. ఒక వైపు వెళ్తున్నట్టు భుజం వంచి, వెంటాడేవాడు అటు ఒరగగానే రెండో వైపుకు జారుకుంటాడు. కర్ర పక్‌కు తగిలేసరికి పాస్ ఎవరికివ్వాలో తేలిపోయి ఉంటుంది. వెనక్కి చూడనివాడు పక్ అందుకున్నాక ఆలోచిస్తాడు. ఈలోపు బోర్డుకేసి గట్టి దెబ్బ తగులుతుంది. లేదంటే కంగారులో రింక్ చుట్టూ ఉండే గ్లాస్‌కేసి కొట్టి ఎలాగోలా బ్లూలైన్ (తమ జోన్ హద్దు గీత) దాటిస్తాడు. పక్ మళ్లీ ప్రత్యర్థికే పోతుంది.

నా నోట్‌బుక్‌లో ఒక్కో ఆటగాడికి ఒక పేజీ ఉండేది. పేజీ మధ్యలో గీత గీసి, పక్ కోసం వెళ్లేటప్పుడు వెనక్కి చూస్తే ఎడమ వైపు టిక్కు, చూడకపోతే కుడి వైపు టిక్కు పెట్టేవాణ్ని. ఆ జట్టులో ఒక కుర్రాడికి చప్పట్లు ఎప్పుడూ పడేవి కావు. గోల్స్ లేవు, పెద్ద హిట్లు లేవు. పేజీలో మాత్రం ఎడమ వైపంతా నిండిపోయేది. అతను ఐస్ మీద ఉన్నంతసేపు పక్ మన వైపు నిలిచేదే కాదు. అలాంటివాణ్ని చూస్తుంటే నాకు కలిగే ఆనందం ఇంతా అంతా కాదు.

తర్వాత చూడాల్సింది గ్యాప్. ప్రత్యర్థి పక్ తీసుకుని మీదికి వస్తున్నప్పుడు డిఫెన్స్‌మన్ వెనక్కి స్కేట్ చేస్తూ ఎంత ఎడం ఉంచుతున్నాడు? కర్ర చాస్తే పక్ అందేంత దగ్గరగా ఉంటే, వచ్చేవాడు బ్లూలైన్ దగ్గరే పక్ వదిలేయక తప్పదు. తన స్కేటింగ్ మీద నమ్మకం లేనివాడు ముందే వెనక్కి వెళ్లిపోయి, దారి అప్పగించేస్తాడు. స్కోరు కాగితం మీద ఇది ఎక్కడా కనిపించదు.

పాయింట్లు బొత్తిగా పనికిరావని నేను అనను. ఇవాన్ బుషార్డ్ 2017-18లో ఒంటారియోలోని లండన్ జూనియర్ జట్టుకు 67 మ్యాచ్‌లలో 87 పాయింట్లు చేశాడు. స్కేటింగ్ చాలదేమోనన్న అనుమానాలు ఉన్నా ఎడ్మంటన్ పదో పిక్‌గా తీసుకుంది. ఆ పాసింగ్ నిజమైనదేనని తర్వాత తేలింది. కాకపోతే మొత్తం అంకె చూసి ఊరుకోకండి. పవర్ ప్లేలో (పెనాల్టీ వల్ల ప్రత్యర్థులు ఒకరు తక్కువగా ఆడేటప్పుడు) వచ్చినవెన్ని, అయిదుగురికి అయిదుగురు ఉన్నప్పుడు వచ్చినవెన్ని అని విడదీయండి. ఎన్‌హెచ్‌ఎల్‌కు వెళ్లాక పవర్ ప్లేలో చోటు జట్టుకు ఒకరిద్దరు డిఫెన్స్‌మన్లకే దొరుకుతుంది.

మ్యాచ్‌కు వెళ్తే గోల్ వెనక మూలలో, పై వరుసలో కూర్చోండి. ఒక షిఫ్ట్ అంతా, అంటే ఐస్ మీదికి దిగి మళ్లీ బెంచీకి వెళ్లేదాకా, అతన్ని తప్ప ఎవరినీ చూడకండి. పక్ ఎటుపోతే అటు పోనివ్వండి.

ప్రశ్న: పొట్టి డిఫెన్స్‌మన్లను ఎందుకు అంత ఆలస్యంగా తీసుకుంటారు? పొడుగు అంత ముఖ్యమా?
— ఒక విద్యార్థి, వాటర్లూ

జవాబు: పొడుగు వల్ల లాభం ఉంది బాబూ, దాన్ని కాదనలేం. చేయి, కర్ర కలిపి ఎంత దూరం చేరితే అంత మేర పాస్‌లు ఆగిపోతాయి. ఆరడుగుల తొమ్మిదంగుళాల జ్డెనో చారాను 1996లో 56వ పిక్‌గా తీసుకున్నారు. ఆ పొడవుకు తగ్గ స్కేటింగ్ నేర్చుకున్నాక అతన్ని దాటడం ఎవరికైనా గగనమైంది.

నా బాధల్లా జట్లు పొడుగుకు ఇచ్చినంత విలువ కళ్లకు, కాళ్లకు ఇవ్వవని. ఆడమ్ ఫాక్స్ 2016లో 66వ పిక్. హార్వర్డ్‌లో మూడేళ్లు ఆడి న్యూయార్క్ రేంజర్స్‌కు వచ్చాడు, 2021లోనే నోరిస్ గెలిచాడు. లేన్ హట్సన్ కథ ఇంకా ముచ్చటగా ఉంటుంది. 2022 డ్రాఫ్ట్‌కు ముందు అతను తన ఎముకల ఎదుగుదల ఇంకా పూర్తికాలేదని డాక్టర్ ఇచ్చిన రిపోర్టును జట్లకు అందజేశాడు. ఇంకా పెరుగుతాను, నన్ను తీసుకోండి అని చెప్పుకోవాల్సి వచ్చిందన్నమాట. అయినా 62వ పిక్ దాకా ఆగాల్సి వచ్చింది. మాంట్రియల్ తీసుకుంది. మొదటి పూర్తి సీజన్‌లోనే 66 పాయింట్లు చేసి, 2025లో ఉత్తమ కొత్త ఆటగాడిగా కాల్డర్ ట్రోఫీ అందుకున్నాడు.

పొట్టివాణ్ని చూసేటప్పుడు నేను చూసుకునేది ఒక్కటే. తనకంటే పెద్దవాడు మీదికి వచ్చేలోపే పక్ పంపేస్తున్నాడా? పంపేస్తుంటే ఎత్తు గురించి నాకు బెంగ లేదు.

ప్రశ్న: స్వీడన్‌లోనో జర్మనీలోనో పెద్దవాళ్ల లీగ్‌లో అయిదారు పాయింట్లు చేసినవాణ్ని, కెనడా జూనియర్‌లో 60 చేసినవాణ్ని ఎలా పోలుస్తారు?
— ఒక పాఠకుడు, ఎడిసన్

జవాబు: అంకెలు పక్కపక్కన పెడితే పోలిక కుదరదు. పెద్దవాళ్ల లీగ్‌లో ఒక 17 ఏళ్ల కుర్రాడికి కోచ్ ఎన్ని నిమిషాలు ఇస్తున్నాడు, స్కోరు దగ్గరగా ఉన్నప్పుడు చివరి నిమిషాల్లో దించుతున్నాడా అన్నది పాయింట్ల కంటే ఎక్కువ చెబుతుంది. మోరిట్స్ సైడర్ జర్మనీలో మన్‌హైమ్ పెద్దల జట్టుకు ఆడుతుండగా 2019లో డెట్రాయిట్ ఆరో పిక్‌గా పిలిచింది. అంత ముందు పిలుస్తారని చాలామంది అనుకోలేదు. తన పేరు విని అతనే నోరు తెరిచాడు. 2022లో కాల్డర్ గెలిచాడు.

ఇంకోవైపు కేల్ మకార్ ఆల్బర్టాలో, కెనడాలో మేటి జూనియర్ స్థాయి అయిన మేజర్ జూనియర్ కంటే ఒక మెట్టు కింద ఉన్న లీగ్‌లో ఆడాడు. కొలరాడో 2017లో నాలుగో పిక్‌గా తీసుకుని, రెండేళ్లు మసాచుసెట్స్ యూనివర్సిటీలో ఆడనిచ్చింది. 2022లో ఒకే ఏడాది కప్, నోరిస్, ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడి ట్రోఫీ మూడూ అతనివే. లీగ్ చిన్నదైనా అతని స్కేటింగ్ చిన్నది కాదు.

యూరప్ నుంచి వచ్చేవాళ్ల విషయంలో రింక్ సైజు కూడా చూసుకోవాలి. ఎన్‌హెచ్‌ఎల్ రింక్ వెడల్పు 85 అడుగులు. యూరప్‌లో చాలాచోట్ల అది దాదాపు 98 అడుగులు. అక్కడ మూలలో తీరిగ్గా పక్ తీసుకోవడానికి అలవాటుపడ్డ కుర్రాడికి ఇక్కడ ఆ సమయం దొరకదు.

ప్రశ్న: స్కౌట్లు (జట్ల కోసం కుర్రాళ్లను పరిశీలించేవాళ్లు) పుట్టినరోజుకు అంత ప్రాధాన్యం ఎందుకిస్తారు?
— ఒక పాఠకుడు, బఫెలో

జవాబు: డ్రాఫ్ట్‌కు అర్హత రావాలంటే ఆ ఏడాది సెప్టెంబర్ 15 నాటికి 18 నిండాలి. కాబట్టి ఒకే డ్రాఫ్ట్‌లో ఇద్దరి మధ్య దాదాపు ఏడాది తేడా ఉండొచ్చు. ఆ వయసులో ఏడాదంటే మాటలు కాదు. 2025లో న్యూయార్క్ ఐలాండర్స్ మొదటి పిక్‌గా తీసుకున్న మాథ్యూ షేఫర్ పుట్టింది 2007 సెప్టెంబర్ 5న. ఇంకో పదకొండు రోజులు ఆలస్యంగా పుట్టి ఉంటే 2026 డ్రాఫ్ట్‌లో ఉండేవాడు. జబ్బు, విరిగిన కాలర్ బోన్ కారణంగా ఆ సీజన్‌లో ఈరీ జట్టుకు 17 మ్యాచ్‌లే ఆడాడు. అయినా అతన్ని ఎవరూ కిందకు జార్చలేదు.

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్లు, డిఫెన్స్ ఆడతాడు. స్కౌట్ల కంట్లో పడాలంటే పక్ తీసుకుని ముందుకెళ్లి గోల్స్ కొట్టమని నేనంటాను. మొదట డిఫెన్స్ పని నేర్చుకోమని కోచ్ అంటారు. ఎవరి మాట వినమంటారు?
— ఒక తండ్రి, బ్రాంప్టన్

జవాబు: కోచ్ గారి మాటే వినమనండి. ముందుకెళ్లే చొరవ ఉంటే దాన్ని చంపొద్దు, కానీ ఈ వయసులో అలవాటయ్యేది తర్వాత వదలదు. ప్రాక్టీసులో పక్ కోసం వెనక్కి వెళ్లిన ప్రతిసారీ రెండు భుజాల మీదుగా చూడటం అలవాటు చేయించండి. ఎదురుగా ఎవరూ లేకపోయినా సరే. స్కౌట్లు ఇంకో సంగతి కూడా చూస్తారు. తన తప్పు వల్ల గోల్ పడ్డాక, తర్వాతి షిఫ్ట్‌లో మళ్లీ అదే పాస్ ధైర్యంగా ఇస్తాడా, లేక భయపడి గ్లాస్‌కేసి కొడతాడా అని. అందుకని కారులో ఇంటికి వచ్చేటప్పుడు ఆ తప్పు గురించి మీరు ఎత్తకండి. వీడియో తీస్తుంటే మాత్రం కెమెరాను పక్ వెంట తిప్పకండి. షిఫ్ట్ మొదలైనప్పటి నుంచి బెంచీకి వచ్చేదాకా మీవాడి మీదే ఉంచి, మర్నాడు ఇద్దరూ కలిసి చూడండి.