సమ్మర్, వింటర్ ఒలింపిక్స్ మధ్య తేడా ఏంటి? మా పాప స్కేటింగ్ ఎందులోకి వస్తుంది?

తేడా అంటే ఎండాకాలం, చలికాలమేనా, గుంటూరులో మా పాప నేర్చుకుంటున్న స్కేటింగ్ ఎందులోకి వస్తుంది అని అడిగారు. రెండోదానికి ముందు జవాబు చెప్పేస్తానండీ. చక్రాల స్పీడ్ స్కేటింగ్ ఆ రెండింట్లో దేంట్లోనూ లేదు. ఈ సంగతి మా ఇంట్లో తెలిసిన రోజున మా ఆవిడ "మరి తెల్లారగట్లే లేపి రింక్‌కి తిప్పింది దేనికి?" అంది. మా పెద్దమ్మాయి విజయవాడలో కొన్నేళ్లు స్కేటింగ్ చేసింది. మే నెలలో మన ఎండలకి ఎనిమిది దాటితే రింక్ మీద నిలబడలేం కాబట్టి, ఆ తిప్పడం ఏమిటో మీకూ తెలిసే ఉంటుంది.

పేర్లలో కాలం ఉంది గానీ అసలు చూసేది కాళ్ల కింద ఏముందన్నదే. మంచు మీదో ఐస్ మీదో ఆడేవాటినే వింటర్ ఆటలు అనాలని ఒలింపిక్స్ నియమావళి అయిన ఒలింపిక్ చార్టర్‌లో రాసి ఉంది. మిగతావన్నీ సమ్మర్‌లోకి వస్తాయి. బ్యాడ్మింటన్, జూడో నాలుగు గోడల మధ్య ఏ నెలలో ఆడినా ఒకటే, అయినా సమ్మర్‌లోనే ఉన్నాయి. మొదట్లో ఈ గీత కూడా లేదు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో ఫిగర్ స్కేటింగ్, 1920 ఆంట్వెర్ప్‌లో ఐస్ హాకీ కూడా పెట్టారు. 1924లో ఫ్రాన్స్‌లోని షామొనీతో మంచు ఆటలు వేరు పడ్డాయి. 2016 ఆగస్టులో రియోలో 'సమ్మర్' ఒలింపిక్స్ జరిగినప్పుడు అక్కడ నడుస్తున్నది చలికాలమే. వింటర్ ఒలింపిక్స్ మాత్రం భూమధ్యరేఖ దాటి దక్షిణానికి ఇంతవరకూ వెళ్లలేదు.

1992 వరకూ రెండూ ఒకే ఏడాదిలో జరిగేవి. 1994 లిల్లెహామర్ నుంచి రెండేళ్ల ఎడం పెట్టారు. కరోనా వల్ల టోక్యో సమ్మర్ ఒలింపిక్స్ 2021కి వాయిదా పడడంతో, ఆర్నెల్లకే బీజింగ్ వింటర్ వచ్చిపడింది. రెండు రకాలూ జరిపిన ఊరు ఇప్పటికి బీజింగ్ ఒక్కటే. అక్కడ కూడా మంచు పెద్దగా పడదు, 2022లో దాదాపు అంతా యంత్రాలతో తయారుచేసిన మంచే.

సైజులోనూ పోలిక లేదు. 2024 పారిస్‌లో 32 క్రీడలు, 329 పతకాంశాలు, పదివేల పైచిలుకు ఆటగాళ్లు. 2022 బీజింగ్‌లో 7 క్రీడలు, 109 పతకాంశాలు, మూడు వేలకి కాస్త తక్కువ మంది. పరిగెత్తడానికి నేల చాలు. స్లెడ్ బండిలో కూర్చుని జారే బాబ్‌స్లెడ్‌కి కిలోమీటరు పైన పొడవుండే, లోపలంతా ఐస్ గడ్డకట్టించిన కాంక్రీటు ట్రాక్ కావాలి. అందుకే పతకాలన్నీ కొన్ని దేశాల మధ్యనే తిరుగుతుంటాయి. బీజింగ్‌లో 16 స్వర్ణాలతో మొదటి స్థానంలో నిలిచిన నార్వే జనాభా 55 లక్షలు. మన పాత గుంటూరు జిల్లా ఒక్కటే 2011 లెక్కల్లో 48 లక్షలు దాటింది!

మన దేశానికి వింటర్‌లో ఇప్పటిదాకా ఒక్క పతకమూ లేదు. చిన్న స్లెడ్ మీద వెల్లకిలా పడుకుని ఐస్ ట్రాక్‌లో జారే ఆట ల్యూజ్‌లో శివ కేశవన్ ఆరుసార్లు వెళ్లాడు. ఇక్కడ ట్రాక్ లేక, స్లెడ్‌కి చక్రాలు బిగించుకుని హిమాలయాల ఘాట్ రోడ్ల మీద వాహనాల మధ్య సాధన చేశాడు. ఆ వీడియో చూస్తే గుండె జారుతుంది. బీజింగ్‌కి మన తరఫున వెళ్లింది కశ్మీర్ స్కీయర్ ఆరిఫ్ ఖాన్ ఒక్కడే.

ఆట బాగా ఆడితే చాలదు, ఆ అంశం జాబితాలో ఉండాలి. మన విజయవాడ ఆర్చర్ (విలుకత్తె) జ్యోతి సురేఖనే చూడండి. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు కొట్టింది, ఒలింపిక్స్‌కి మాత్రం వెళ్లలేకపోయింది. ఆమెది కప్పీలుండే కాంపౌండ్ విల్లు, ఒలింపిక్స్‌లో ఉన్నది కప్పీలు లేని రికర్వ్ విల్లు. అదే ఊరి ధీరజ్‌ది రికర్వ్ కాబట్టి పారిస్ వెళ్లి, మిక్స్‌డ్ టీమ్‌లో నాలుగో స్థానం దాకా వచ్చాడు. 2028 లాస్ ఏంజెలెస్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పెడుతున్నారు. ఇన్నేళ్లకి!

మీ పాప ఆటకి ఆసియా క్రీడల్లో చోటు దొరికింది. హాంగ్‌జౌలో 3000 మీటర్ల రిలేలో మన అబ్బాయిలకీ అమ్మాయిలకీ రోలర్ స్కేటింగ్ కాంస్యాలు వచ్చాయి. టోక్యో నుంచి ఒలింపిక్స్‌లో ఉన్న స్కేట్‌బోర్డింగ్ వేరే ఆట, దాంతో కలపకండి.

ఒలింపిక్స్‌కి ఇంకో దారి ఉంది: చక్రాల నుంచి ఐస్‌కి మారడం. అమెరికా అమ్మాయి ఎరిన్ జాక్సన్ మంచు దాదాపు పడని ఫ్లోరిడాలో ఇన్‌లైన్ (చక్రాలన్నీ ఒకే వరసలో ఉండే) స్కేటింగ్‌తో మొదలుపెట్టి, బీజింగ్‌లో 500 మీటర్ల ఐస్ స్పీడ్ స్కేటింగ్ స్వర్ణం గెలిచింది. బెల్జియం బార్ట్ స్వింగ్స్ కూడా ఇన్‌లైన్ నుంచి వెళ్లినవాడే.

గురుగ్రామ్‌లో మా బావమరిది ఇంటికి వెళ్లినప్పుడు మా అమ్మాయిని అక్కడి ఐస్ రింక్‌కి తీసుకెళ్లాం. కాలితో తోయడం, మలుపులో కాలు దాటించడం వెంటనే పట్టేసింది. ఆగడం దగ్గరే తంటా. చక్రాల మీద వెనక కాలు అడ్డంగా పెట్టి ఈడుస్తాం కదా, ఐస్ మీద రెండు బ్లేడ్లూ పక్కకి తిప్పి ఐస్‌ని చెక్కుతూ ఆగాలి. అది వచ్చేలోపు గోడే బ్రేకు. ఐస్ స్పీడ్ స్కేటింగ్‌లో రెండు రకాలున్నాయి. లాంగ్ ట్రాక్‌కి 400 మీటర్ల ఐస్ ట్రాక్ కావాలి. షార్ట్ ట్రాక్‌కి హాకీ రింక్ చాలు, దేహ్రాదూన్‌లో అలాంటిది ఉంది. అంటే ఎలా చూసినా క్యాంపులకి ఉత్తరాదికి తిరగాల్సిందే, ఆ ఖర్చు ముందే లెక్కేసుకోండి.

పాప ఇప్పుడు క్వాడ్స్ (ముందు రెండు, వెనక రెండు చక్రాలుండే స్కేట్లు) మీద ఉంటే, ఐస్ ఆలోచన ఉన్నా లేకున్నా ఇన్‌లైన్‌కి మార్చడం గురించి కోచ్‌తో మాట్లాడండి. చక్రాలు ఒకే వరసలో ఉంటాయి కాబట్టి బ్లేడ్‌కి దగ్గరగా ఉంటుంది. ఎదిగే పిల్ల కదా అని రెండు సైజులు పెద్ద బూటు మాత్రం కొనకండి, చీలమండ లోపల ఆడితే ఎడ్జ్ (స్కేటు అంచు) పట్టదు.