మెడ మీద గడ్డ: సూది పరీక్షకు భయపడాలా?

ప్రశ్న: నా వయసు 46. దవడ కింద కుడివైపు ఆరు వారాలుగా గడ్డ ఉంది. నొప్పి, జ్వరం లేవు. యాంటీబయాటిక్ వారం వాడితే కాస్త తగ్గినట్టే తగ్గి ఆగిపోయింది. డాక్టర్ సూది పరీక్ష చేయించమన్నారు. సూది గుచ్చితే జబ్బు పాకుతుందని ఇంట్లోవాళ్లు వద్దంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: చేయించుకోండి, ఇంకా ఆలస్యం చేయకండి. ఎఫ్‌ఎన్‌ఏసీ అనే ఈ పరీక్షకు వాడేది చాలా సన్నటి సూది. దాంతో కొన్ని కణాలు లాగి, స్లైడ్ మీద పరిచి మైక్రోస్కోపులో చూస్తారు. దానివల్ల జబ్బు పాకడం అత్యంత అరుదు. మానుకుంటే జరిగే నష్టమే ఎక్కువ. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ చేస్తే సూది సరైన చోట దిగుతుంది. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి.

నొప్పి లేదు కదా అని ధీమాగా ఉండకండి. జలుబు, గొంతునొప్పితో ఉబ్బిన లింఫు గ్రంథి సాధారణంగా నొక్కితే నొప్పెడుతుంది, కొద్ది వారాల్లో కుదించుకుపోతుంది. పెద్దవాళ్లలో రెండు వారాలు దాటినా తగ్గని గడ్డను, అందులోనూ ఒకటిన్నర సెంటీమీటర్లకు మించి, గట్టిగా, కదిపినా కదలకుండా ఉన్నదాన్ని, క్యాన్సర్ కాదని తేలేదాకా అనుమానించాల్సిందే. అలాగని అదే అయి ఉంటుందని కాదు. మెడ గ్రంథుల్లో క్షయ కూడా దగ్గు లేకుండా, నొప్పి లేకుండా ఇలాగే వస్తుంది. అందుకే సూదితో తీసిన నమూనాలో కొంత టీబీ పరీక్షకూ పంపమని అడగండి.

ఈఎన్‌టీ డాక్టర్ మీ నోరు, నాలుక వెనక భాగం, టాన్సిల్స్, ముక్కు వెనక భాగం, స్వరపేటిక కూడా చూడాలి. గడ్డ మెడలో కనిపించినా మూలం అక్కడెక్కడో ఉండొచ్చు. గొంతు బొంగురుపోవడం, మింగడం కష్టమవడం, మానని నోటిపుండు, ఒక చెవిలోనే నొప్పి, పొగాకు అలవాటు ఉంటే దాచకుండా చెప్పండి.

రెండు పనులు మాత్రం చేయొద్దు. మూలం వెతకకుండా ముందే గడ్డ కోయించుకోవద్దు. క్యాన్సరైతే తర్వాతి చికిత్స చిక్కుల్లో పడుతుంది. రిపోర్టు రాకముందే స్టెరాయిడ్ మాత్రలు వాడొద్దు. లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) ఉంటే గడ్డ తాత్కాలికంగా కరిగి జబ్బు మరుగున పడుతుంది.

సూదిలో నీరు వచ్చింది, మామూలు నీటితిత్తే అన్నా మీ వయసులో అక్కడితో ఆపకూడదు. గొంతు క్యాన్సర్ పాకిన కొన్ని గ్రంథులూ నీటితిత్తిలాగే ఉంటాయి. రిపోర్టులో స్పష్టత రాకపోతే మళ్లీ చేయాలి, లేదా కాస్త లావు సూదితో ముక్క తీసే కోర్ బయాప్సీ చేయాలి.

ప్రశ్న: మా ఆరేళ్ల పాపకు మెడకు రెండువైపులా చిన్న గడ్డలు తగులుతున్నాయి. కంగారు పడాలా?

జవాబు: సెంటీమీటరు లోపు ఉండి, మెత్తగా, వేలికింద జారుతుంటే సాధారణంగా కంగారు అక్కర్లేదు, పిల్లల్లో తరచూ వచ్చే జలుబులకు గ్రంథులు అలా స్పందిస్తాయి. ఒకసారి పిల్లల డాక్టర్‌కి చూపించి, నాలుగు వారాల తర్వాత మళ్లీ చూపించండి. గడ్డ పెరుగుతున్నా, కాలర్ ఎముక పైన వచ్చినా, బరువు తగ్గుతున్నా, రాత్రిళ్లు ఒళ్లు తడిసేలా చెమట పడుతున్నా అన్నాళ్లు ఆగొద్దు. ఊపిరి ఆడకపోయినా, లాలాజలం మింగలేకపోయినా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.