క్లర్కుగానే ఉండిపోవాలా, ప్రమోషన్ తీసుకుని వేరే రాష్ట్రం వెళ్లాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇలా: బ్యాంకులో క్లర్కుగా చాలా ఏళ్లయింది, ఆఫీసర్ ప్రమోషన్‌కి సర్క్యులర్ వచ్చింది, ఇంటా బయటా అందరూ "కంఫర్ట్ జోన్‌లోంచి బయటికి రా" అంటున్నారు, మీకేమో ఆ మాట వింటేనే టెన్షన్‌గా ఉంది. నేను తెనాలి దగ్గర ఒక బ్రాంచిలో కౌంటర్‌లో పనిచేసి, ప్రమోషన్ మీద మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాకు వెళ్లినదాన్ని. కాబట్టి నాకు జరిగింది చెబుతాను.

ముందు, మీ భయం కచ్చితంగా దేని గురించో చూసుకోండి. ఊరు మారాలంటే భయమని నేనూ పైకి చెప్పేదాన్ని. నిద్ర పట్టనివ్వనిది మాత్రం వేరే. బ్యాంకు పని తెలియని వాళ్ల కోసం చెప్తున్నాను: క్లర్కు వేసిన ఎంట్రీ ఒక పరిమితి దాటిందంటే ఆఫీసర్ చూసి పాస్ చేయాలి, అప్పుడే అది పూర్తవుతుంది. ఇన్నేళ్లూ నేను వేసినదాన్ని ఇంకోసారి చూసేవారు ఒకరుండేవారు. ప్రమోషన్ తీసుకుంటే చూడాల్సింది నేను, సంతకం నాది, రేపు ఆడిట్‌లో అడిగితే జవాబు చెప్పాల్సిందీ నేనే. గుండెల్లో దడ దానికి.

అది తేలాక దారి కూడా కనిపించింది. మేనేజర్‌గారిని అడిగి, కౌంటర్ మూసి క్యాష్ సరిచూసుకున్నాక సాయంత్రాలు లోన్ ఫైళ్లు చూడటం మొదలుపెట్టాను. ఏ కాగితం ఎందుకు తీసుకుంటారు, ఏది లేకపోతే ఫైలు వెనక్కి పంపుతారు, ఏది తర్వాత తెప్పించుకోవచ్చు అని ఒక్కొక్కటే అడిగి తెలుసుకున్నాను. సగం భయం మా ఊరి బ్రాంచిలోనే పోయింది. మీరు ప్రమోషన్‌కి అప్లై చేసినా, చేయకపోయినా ఈ పని మాత్రం రేపే మొదలుపెట్టండి.

చంద్రపూర్ వెళ్లాక నన్ను ఇబ్బంది పెడుతుందనుకున్నది మరాఠీ. చిన్నప్పుడు హిందీ ప్రచార సభ పరీక్షలు రాసిన పుణ్యమా అని అక్షరాలు వచ్చు, మాట నెమ్మదిగా వచ్చింది. నన్ను నిలబెట్టేసింది సాత్‌బారా. అక్కడ రైతు భూమి కాగితాన్ని అలా అంటారు, 7, 12 నంబర్ల ఫారాలు. ఏడులో భూమి ఎవరి పేరున ఉంది, ఎవరికి ఏ హక్కు ఉంది అన్నది ఉంటుంది. పన్నెండులో ఏ పంట వేశారో ఉంటుంది. మన 1బి, అడంగల్ చెప్పే సంగతులే, కానీ విస్తీర్ణం ఎకరాలూ సెంట్లలో ఉండదు, హెక్టార్లూ ఆర్‌లలో ఉంటుంది. ఒక ఆర్ అంటే వంద చదరపు మీటర్లు. కాగితం మీద హెక్టార్లలో 0.81 అని కనిపిస్తే అది రెండెకరాలని నాకు తట్టేది కాదు. పుట్టినప్పటి నుంచి ఎకరాల్లో ఆలోచించిన బుర్ర మరి.

ఆ బ్రాంచిలో అటెండర్‌గా ఒక పెద్దాయన ఉండేవారు, అందరం కాకా అని పిలిచేవాళ్లం. సొంతంగా సోయా, పత్తి పండించే మనిషి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన నా పక్కన కుర్చీ వేసుకుని, ఒక్కో గడి మీద వేలు పెట్టి చదివించేవారు. ఇది అన్నదమ్ముల ఉమ్మడి, ఇక్కడ సొసైటీ అప్పు రాసుంది, ముందు అది తేల్చు అని. ఆఫీసరై ఉండి అటెండర్ దగ్గర నేర్చుకోవడమేమిటని ఒకరిద్దరు అన్నారు. నేను లెక్కచేయలేదు. ఆ కాగితం మీద ఆయనకున్న పట్టు ఆ బ్రాంచిలో ఇంకెవరికీ లేదు. కొన్నాళ్లకు ఒక రైతు కిసాన్ క్రెడిట్ కార్డు రెన్యువల్‌కి వస్తే, ఆయన సాత్‌బారాలో కొత్తగా చేరిన తమ్ముడి పేరు నేనే పట్టుకుని, అతని సంతకం కూడా తెమ్మన్నాను. కాకా దూరం నుంచి చూసి తలాడించారు. ఆ రోజు చేయి వణక్కుండా సంతకం పెట్టాను.

రోజువారీ బతుకు సంగతికొస్తే, అన్నీ ఒకేసారి మార్చుకోకండి. నేను తిండి మార్చలేదు. తెనాలి నుంచి బల్లార్షాకు రైల్లో వచ్చే వాళ్లెవరున్నా మా అత్తగారు గోంగూర పచ్చడీ కందిపొడీ పంపేవారు. పగలంతా పరాయి మాటలు, పరాయి లెక్కలతో అలిసిపోయి వచ్చాక ఆ అన్నం ముద్దే నన్ను మర్నాటికి లేపింది. బల్లార్షా, చంద్రపూర్‌లలో గనుల్లో, పేపర్ మిల్లులో పనులకొచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లు బాగానే ఉన్నారు, వాళ్ల తోడు చాలా ధైర్యం. అయినా అద్దె ఇల్లు మాత్రం కావాలనే మరాఠీ వాళ్ల మధ్య తీసుకున్నాను. లేకపోతే ఆ భాష నాకు వచ్చేది కాదు. బస్సులు తక్కువ కాబట్టి నలభై దాటాక స్కూటీ కూడా నేర్చుకున్నాను. ఆదివారాలు స్కూలు గ్రౌండులో మా క్యాషియరమ్మ వెనక సీటు పట్టుకుని పరిగెత్తేది. పంటలు చూడటానికి వెళ్లే ఊళ్లు కొన్ని తాడోబా అడవికి దగ్గర. అటు మాత్రం తోడు లేకుండా వెళ్లలేదు, పొద్దు వాలకముందే తిరిగొచ్చేదాన్ని. పులులున్న చోట ధైర్యం చూపించాల్సిన పనేమీ లేదు.

కంఫర్ట్ జోన్ గురించి మాట్లాడేవాళ్లు ఒక సంగతి చెప్పరు. మీరు గీత దాటితే ఇంట్లో వాళ్లూ దాటాల్సి వస్తుంది. మావారు టీచరు, కదలడానికి లేదు. ఆయన వంట నేర్చుకున్నారు, పాప జడ వేయడం నేర్చుకున్నారు. మా అత్తగారు మోకాళ్ల నొప్పులతోనే పాప స్కూలు, ట్యూషన్ చూసుకున్నారు. నా ప్రమోషన్‌లో వాళ్ల కష్టం నా కష్టానికి తక్కువ కాదు. అందుకే వాళ్లతో కూర్చుని మాట్లాడకుండా అప్లై చేయకండి. అమ్మానాన్నల్లో ఎవరికైనా ఒంట్లో బాగోక మీరే దిక్కయితే ఈసారి వదిలేయండి, అది పిరికితనమని ఎవరన్నా పట్టించుకోకండి.

అలాంటి ఇబ్బంది లేకపోతే మాత్రం వెళ్లండి. మీ జోన్‌లో కిందటిసారి ప్రమోషన్ వచ్చిన వాళ్లని ఏయే రాష్ట్రాలకు పంపారో, ఎన్నేళ్లకు వెనక్కి తెచ్చారో యూనియన్ వాళ్లని అడగండి, వాళ్లకు బాగా తెలుస్తుంది. వెళ్లొచ్చిన వాళ్లతో ఒకరిద్దరితోనైనా ఫోన్లో మాట్లాడండి. పోస్టింగ్ మహారాష్ట్రకే వస్తే ఈ జవాబు కిందే రాయండి, సాత్‌బారా చదవడం నేను నేర్పిస్తాను.