డాక్టర్ సలహా: ఇన్సులిన్ మార్చాక పిల్లి తిండి మానేసింది... డోసు పెంచాలా, ఆపాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా చింటూకి పదేళ్లు. మగపిల్లి, ఆపరేషన్ అయింది, ఆరు కిలోలుంటాడు. నాలుగు నెలల కింద షుగర్ అని తేలింది. ఎన్‌పీహెచ్ ఇన్సులిన్ రెండు పూటలా 2 యూనిట్లు ఇచ్చేవాళ్లం. షుగర్ దిగడం లేదని వారం కింద డాక్టర్ గారు గ్లార్జిన్‌కు మార్చారు, డోసు అదే 2 యూనిట్లు. సిరంజీలు ఇంట్లో ఉన్న పాతవే వాడుతున్నాం. నాలుగో రోజు మధ్యాహ్నం తూలుతూ నడిచాడు. మా అత్తగారి మీటర్‌లో చూస్తే 48. తేనె నాకిస్తే తేరుకున్నాడు. అప్పట్నుంచి భయమేసి ఒక పూటే వేస్తున్నాం. నిన్నటి నుంచి తిండి ముట్టడం లేదు, రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. ఈ ఉదయం షుగర్ 390. డోసు పెంచాలా? తిననప్పుడు అసలు ఇన్సులిన్ ఆపేయాలా? పాలన్నమైతే కాస్త తింటాడేమో, పెట్టొచ్చా? పన్నెండు రోజుల కింద మెడ దగ్గర దురదకు వేరేచోట ఒక ఇంజెక్షన్ చేయించాం. దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందు ఈ రోజు సంగతి. రోజంతా తినకుండా, వాంతులు చేసుకుంటూ, షుగర్ 390 ఉన్న పిల్లిని ఇంట్లో ఉంచి చూద్దామనుకోవద్దు. ఇది చదవగానే ఆసుపత్రికి బయల్దేరండి. మీ డాక్టర్ గారు అందుబాటులో లేకపోతే గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రి మీకు దగ్గరే. ఏ వేళకు చూస్తారో ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. ఇన్సులిన్ సీసా, వాడుతున్న సిరంజి, దురదకు చేసిన ఇంజెక్షన్ చీటీ, మూడూ వెంట తీసుకెళ్లండి. చీటీ లేకపోతే అక్కడికే ఫోన్ చేసి మందు పేరు అడగండి.

సిరంజి ఎందుకంటే, మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ‘పాతవే వాడుతున్నాం’ అన్నదే. మన మందుల షాపుల్లో సీసాల్లో దొరికే ఎన్‌పీహెచ్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దాని సిరంజికి మూత ఎరుపు, గొట్టం మీద యూ-40 అని ఉంటుంది. సీసాల్లో వచ్చే గ్లార్జిన్ మిల్లీలీటరుకు 100 యూనిట్లది. దాని సిరంజి మూత నారింజ రంగు, గొట్టం మీద యూ-100 అని రాసి ఉంటుంది. ఎర్రమూత సిరంజిలో ఒక యూనిట్ గీతకు పట్టేది 0.025 మిల్లీలీటరు. అందులో గ్లార్జిన్ తీస్తే అది ఒక యూనిట్ కాదు, రెండున్నర. అంటే ‘2’ గీత దాకా తీసి మీరు వేసింది 5 యూనిట్లు. ఆరు కిలోల పిల్లికి మొదటి వారంలోనే పూటకు ఐదు యూనిట్లు పడితే నాలుగో రోజు తూలడంలో వింతేమీ లేదు. ఈ పొరపాటుకు మిమ్మల్ని తప్పుపట్టను. మందు మార్చినప్పుడు సిరంజి కూడా మార్చమని చీటీలో రాయాల్సింది. రంగును నమ్ముకోకుండా గొట్టం మీది అంకె చూడండి. అది 40 అయితే ఇంట్లో ఉన్నవన్నీ పారేయండి, మిగిలిన ఎన్‌పీహెచ్ సీసాతో సహా. కొనేటప్పుడు 0.3 మిల్లీలీటర్ల యూ-100 సిరంజి అడగండి. అర యూనిట్ గీతలున్నది దొరికితే ఇంకా మంచిది, ఎందుకంటే పిల్లికి అర యూనిట్ తేడా కూడా పెద్దదే.

ఇప్పుడు 390 సంగతి. దీన్ని చూసి డోసు పెంచకండి. ఈ అంకె వెనక ఏమున్నాయో చూడండి. మూడు రోజులుగా రోజుకు ఒక్క పూటే ఇన్సులిన్ పడుతోంది. మనుషుల్లో గ్లార్జిన్ రోజంతా నిలుస్తుంది కానీ పిల్లి ఒంట్లో అంతసేపు ఉండదు, దానికి పన్నెండు గంటలకోసారి వేయాల్సిందే. పైగా లోపల ఏదో జబ్బు నడుస్తోంది, వాంతులే చెబుతున్నాయి. మూడోది మీరు చివర్లో అడిగిన దురద ఇంజెక్షన్. పిల్లులకు దురదకు చేసేది చాలాసార్లు మిథైల్‌ప్రెడ్నిసొలోన్ లాంటి, వారాల తరబడి ఒంట్లో ఉండే స్టెరాయిడ్. అదే అయితే, అవును, సంబంధం ఉంది. స్టెరాయిడ్ ఇన్సులిన్ పనిని అడ్డుకుంటుంది. డయాబెటిస్ పిల్లికి స్టెరాయిడ్ తప్పనిసరైన సందర్భాలు లేకపోలేదు, కానీ వారాలు నిలిచే ఇంజెక్షన్ మాత్రం వద్దు. ఒకసారి వేశాక వెనక్కి తీసుకోలేం. ఇకపై ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా, చెవి చుక్కల కోసమైనా సరే, ‘వీడికి షుగర్ ఉంది’ అన్నది మొదటి మాట కావాలి.

తిననప్పుడు ఇన్సులిన్ ఆపాలా అన్నారు. చాలామంది ఇక్కడే రెండు వైపులా బోల్తా పడతారు. తినకపోయినా పూర్తి డోసు వేస్తే షుగర్ పడిపోతుంది. అసలే ఆపేస్తే కణాలకు చక్కెర అందక ఒళ్లు కొవ్వును కరిగించుకుంటుంది, దాంతో పుట్టే కీటోన్లనే ఆమ్లాలు పేరుకుంటాయి, రక్తం ఆమ్లంగా మారుతుంది. కీటో అసిడోసిస్ అంటే ఇదే. జబ్బు చేసిన పిల్లిలో ఇది ఒకటి రెండు రోజుల్లోనే ముంచుకురావచ్చు.

మీ డాక్టర్ గారు వేరేగా చెప్పకపోతే ఈ లెక్క పెట్టుకోండి. ముందు తిండి, తర్వాత సూది. రోజూ తినేదంతా తింటే పూర్తి డోసు. సగం తింటే సగం డోసు. అసలు తినకపోతే మీటర్ చూడండి: 200 లోపుంటే ఆ పూట వేయొద్దు, 250 దాటితే సగం డోసు వేసి డాక్టర్‌కు ఫోన్ చేయండి. మధ్యలో ఉంటే రెండు గంటలాగి మళ్లీ చూడండి. సూది వేశాక వాంతి చేసుకుంటే ఇంకో డోసు వేయరు, షుగర్ మాత్రం రెండు గంటలకోసారి చూస్తారు. మందు ఒంట్లోకి పోయిందో, బొచ్చు మీద కారిందో తెలియనప్పుడూ అంతే, మళ్లీ పొడవద్దు. ఒక పూట తక్కువైతే షుగర్ కాస్త పెరుగుతుంది, రెండుసార్లు పడితే ప్రాణం మీదికొస్తుంది. ఇంట్లో ఇద్దరు వేస్తుంటే ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించి, వేసిన వాళ్లు టైమ్ రాయాలి. ఇక వరసగా రెండు పూటలు తినకపోతే ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి ఆసుపత్రికి వెళ్లడమే. చింటూ ఆ గీత దాటాడు. దారి ఆలస్యమయ్యేలా ఉంటే ఫోన్‌లో డాక్టర్‌ను అడిగి, సరైన సిరంజిలో సగం, అంటే 1 యూనిట్ వేసి బయల్దేరవచ్చు. పాత సిరంజితో మాత్రం వద్దు.

కీటోన్లు చూసే మూత్రం స్ట్రిప్పులు మందుల షాపుల్లో దొరుకుతాయి, కీటో-డయాస్టిక్స్ లాంటివి. ఒక డబ్బా ఇంట్లో ఉంచుకోండి. మూత్రం పట్టడానికి కుస్తీ పట్టక్కర్లేదు. లిట్టర్ ఇసుక తీసేసి ట్రేలో కడిగి ఆరబెట్టిన అక్వేరియం గులకరాళ్లు వేస్తే, పని అయ్యాక ట్రే వంచి సిరంజితో లాగొచ్చు. రంగును డబ్బా మీద చెప్పిన సెకన్లలోనే చదవాలి, ఆలస్యమైతే తప్పు చూపిస్తుంది. కీటోన్లు ఉండి, పిల్లి నీరసంగానో తినకుండానో ఉంటే అర్ధరాత్రయినా ఎమర్జెన్సీయే. స్ట్రిప్పు శుభ్రంగా వచ్చినంత మాత్రాన నిశ్చింతగా ఉండకండి. అది ఒక రకం కీటోన్‌నే పడుతుంది, ఎక్కువగా పేరుకునే రకం దానికి కనిపించదు.

ఆసుపత్రిలో సెలైన్ పెడతారు, పొటాషియం, ఫాస్ఫరస్ చూస్తారు. ఇన్సులిన్ పని మొదలుపెట్టగానే ఈ రెండూ రక్తంలో పడిపోతాయి. ఫాస్ఫరస్ బాగా తగ్గితే పిల్లిలో ఎర్ర రక్తకణాలు చిట్లిపోతాయి, అందుకే ‘సెలైన్ ఎక్కించి ఇంటికి పంపేయండి’ అని తొందరపెట్టకండి. జబ్బు మూలం కూడా వెతకమనండి: పాంక్రియాస్ వాపుకు రక్తపరీక్ష, కడుపు స్కానింగ్, మూత్రం కల్చర్ (సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్ష), నోట్లో పళ్ల చీము. షుగర్ ఉన్న పిల్లికి మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా పైకి ఏమీ కనిపించకపోవచ్చు, కల్చర్‌లోనే తేలుతుంది. బొద్దుగా ఉండే పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు చేరే ముప్పు వేరే ఉంది.

మళ్లీ తూలితే ఏం చేయాలి? మనుషుల మీటర్ పిల్లి రక్తంలో అసలు కంటే కొంచెం తక్కువ చూపిస్తుంది, ఆల్ఫాట్రాక్ లాంటి జంతువుల మీటర్‌కు ఆ తేడా ఉండదు. కానీ పిల్లి తూలుతూ మీటర్ 48 చూపిస్తే ఆ తేడా లెక్కలోకి రాదు, వెంటనే చక్కెర పెట్టాల్సిందే. మీరు తేనె పెట్టడం సరైన పనే. స్పృహలో ఉండి మింగగలిగితే తిండి పెట్టండి. ఆ క్షణంలో అన్నమైనా, బిస్కెట్ అయినా, ఏది తింటే అది. తినలేకపోతే చెంచాడు తేనె గానీ, గ్లూకోజ్ పొడి కాసిన్ని నీళ్లలో చిక్కగా కలిపి గానీ చిగుళ్లకు, చెంప లోపల రాయండి. ఫిట్స్ వస్తుంటే నోట్లో ఏదీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వేలు పెట్టొద్దు, కొరుకుతుంది. చిగుళ్ల మీద పైపైన రాస్తూనే ఆసుపత్రికి పరుగెత్తండి. తేరుకున్నాక కూడా ఆ రోజంతా గంటకోసారి షుగర్ చూడాలి, తేనె ప్రభావం తగ్గినా ఇన్సులిన్ ఇంకా ఒంట్లోనే ఉంటుంది. ఇలా ఒక్కసారి జరిగినా తర్వాతి డోసు దాదాపు సగానికి తగ్గించాలి. మీరు చేసినట్టు ఒక పూట మానేయడం కాదు, డోసు తగ్గించి రెండు పూటలా వేయడం దారి.

పాలన్నం వద్దు. పిల్లి పూర్తిగా మాంసాహారి, అన్నంలోని పిండిపదార్థం నేరుగా షుగర్‌ను ఎగదోస్తుంది. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు పడక విరేచనాలవుతాయి. గింజల్లా ఉండే డ్రై ఫుడ్‌లో కూడా పిండి ఎక్కువే. షుగర్ పిల్లికి పౌచ్‌లో, డబ్బాలో వచ్చే మెత్తటి తిండి మేలు. ఉడికించిన చికెన్, ముల్లు తీసిన చేప ఆకలి పుట్టించడానికి నాలుగు రోజులు పెట్టొచ్చు, గోరువెచ్చగా చేస్తే వాసనకు వస్తాయి. అదే రోజూ తిండి చేస్తే కాల్షియం, టారిన్ అనే పోషకం చాలవు. కూరలోంచి తీసి కడిగిన ముక్క మాత్రం వద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి. వాంతులు ఆగేదాకా సిరంజితో బలవంతంగా తాగించకండి. ఇంకో సంగతి, కోలుకున్నాక డ్రై ఫుడ్ మాన్పించి మెత్తటి తిండికి మార్చాలనుకుంటే ముందే డాక్టర్‌కు చెప్పండి. పిండి తగ్గితే ఇన్సులిన్ అవసరమూ తగ్గుతుంది, పాత డోసే నడిపితే మళ్లీ తూలడమే. తిండి, డోసు ఒకే వారంలో మార్చొద్దు.

రక్తం తీయడం గురించి మీరు అడగలేదు కానీ మీటర్ రీడింగ్ మీదే అంతా నడుస్తుంది. చెవి అంచు వెంట సన్నటి నరం కనిపిస్తుంది. గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన దూదిని ఒక నిమిషం అక్కడ పెట్టండి. వేసలైన్ పలచగా రాస్తే చుక్క బొచ్చులోకి పాకకుండా నిలబడుతుంది. చెవి వెనక దూది ఆనించి, నరం పక్కనే పొడవండి. తర్వాత అర నిమిషం గట్టిగా నొక్కిపట్టుకోవాలి, లేకపోతే కమిలిపోతుంది. ఆసుపత్రిలో చూసిన షుగర్‌తో డోసు నిర్ణయించడం పిల్లి విషయంలో నమ్మదగింది కాదు. భయంతోనే షుగర్ 300 దాటొచ్చు. అందుకే ఇంట్లో చూసిన అంకెలకు, లేదా రెండు మూడు వారాల సగటు చెప్పే ఫ్రక్టోసమిన్ పరీక్షకు నేను ఎక్కువ విలువిస్తాను.

గ్లార్జిన్‌ను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచండి, ఫ్రీజర్‌కు ఆనించొద్దు. ఎన్‌పీహెచ్‌ను అరచేతుల్లో దొర్లించి కలిపినట్టు దీన్ని కలపక్కర్లేదు. ఇది నీళ్లలా తేటగా ఉండాలి, మసకబారితే పారేయాలి. చిన్న డోసు కొలవడం తేలికని నీళ్లు కలిపి పలచన చేయొద్దు, మరో ఇన్సులిన్‌తో కలపొద్దు. గ్లార్జిన్ ఆమ్ల ద్రావణం, కలిపితే దాని పని తీరే మారిపోతుంది.

అత్తగారి షుగర్ మాత్రలూ పిల్లికి వేయకండి. మెట్‌ఫార్మిన్ పిల్లికి పని చేయదు. అమెరికాలో 2022 డిసెంబర్‌లో బెక్సాగ్లిఫ్లోజిన్, 2023లో వెలాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మందులు పిల్లులకని అనుమతి పొందాయి. అక్కడున్న బంధువులెవరైనా పంపుతామన్నా వద్దనండి. అవి ఇన్సులిన్ మొదలుపెట్టని, మిగతా ఆరోగ్యం బాగున్న పిల్లులకు. చింటూ లాంటి పిల్లిలో షుగర్ మామూలుగా కనిపిస్తూనే కీటోన్లు ముంచేస్తాయి.

ఇంటికి వచ్చాక డోసును రోజూ మార్చకండి. గ్లార్జిన్ ఒక డోసులో కుదురుకోవడానికి వారం పడుతుంది. వారం తర్వాత ఒక రోజు, పొద్దున సూది ముందు మొదలుపెట్టి పన్నెండు గంటలపాటు రెండు గంటలకోసారి షుగర్ రాయండి. అందులో అన్నిటికంటే తక్కువ అంకె 80–150 మధ్య ఉంటే డోసు సరిపోయినట్టే. 150 కంటే దిగకపోతే అర యూనిట్ పెంచుతారు, 80 లోపుకు పడితే తగ్గిస్తారు. స్టెరాయిడ్ ప్రభావం మూడు నుంచి ఆరు వారాల్లో తగ్గుతుంది, ఇన్ఫెక్షన్ అంతకన్నా ముందే తగ్గొచ్చు. అప్పుడు ఇన్సులిన్ అవసరం ఒక్కసారిగా పడిపోతుంది, జబ్బులో పెంచిన డోసు అప్పుడే ప్రమాదం. కొన్ని పిల్లులకు, ముఖ్యంగా షుగర్ బయటపడిన మొదటి ఆరు నెలల్లో, ఇన్సులిన్ పూర్తిగా ఆపేయగలిగే దశ కూడా వస్తుంది. కాబట్టి ఆ వారాల్లో ఏ పూటా మీటర్ చూడకుండా సూది వేయొద్దు. సూదికి ముందు 150 లోపుంటే ఆగండి, తిండి పెట్టండి, రెండు గంటల తర్వాత మళ్లీ చూడండి. అప్పటికీ పెరగకపోతే ఆ పూట మానేసి ఆ అంకె డాక్టర్‌కు చెప్పండి.